నెలకు 1200 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిలా, హైబ్రిడా, ఎలక్ట్రిక్కా?

ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు రోజూ వెళ్లిరావాలి, నెలకు 1200 కిలోమీటర్లు, పండగలకు విజయవాడ అన్నారు. ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే కళ్లు మూసుకుని ఎలక్ట్రిక్ తీసుకోండి. లేకపోతే హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే బండి. డీజిల్ మాత్రం మీకు వద్దు.

మాకు మొదట డీజిల్ కారు ఉండేది, ఇప్పుడు టాటా నెక్సాన్ ఈవీ (ఎలక్ట్రిక్ కారు) ఉంది. మా బావగారిది టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్. మూడూ ఇదే ట్రాఫిక్‌లో నడిపాను.

డీజిల్ సిటీలో లీటరుకు 16 ఇచ్చేది. లీటర్ 96 రూపాయల లెక్కన నెలకు 7200 అవుతుంది. పైగా బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా పరుగెత్తాలి. రోజూ సిగ్నళ్ల మధ్య ఈడిస్తే మసి పేరుకుంటుంది.

హైరైడర్‌కు కంపెనీ చెప్పేది లీటరుకు 27.97 కిలోమీటర్లు. బావగారికి సిటీలో వచ్చేది 22. పెట్రోల్ 107 అనుకుంటే నెలకు దాదాపు 5800. ఆగి ఆగి వెళ్లే చోట ఇది భలే పనిచేస్తుంది. బ్రేక్ వేసినప్పుడల్లా బ్యాటరీ నిండుతుంది, నెమ్మదిగా కదిలేటప్పుడు ఇంజిన్ ఆగిపోయి మోటారే లాగుతుంది. హైవేలో 100 మీద వెళ్తే ఆ లాభం చాలావరకు తగ్గిపోతుంది.

ఇక ఎలక్ట్రిక్. ఛార్జింగ్‌లో పోయే కరెంటు కూడా కలిపితే మాకు యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తోంది. అంటే 1200కి 185 యూనిట్లు. చాలామంది ఇక్కడ సగటు ధరతో గుణించేస్తారు, అది తప్పు. ఇంటి వాడకం మీద ఇది అదనం కాబట్టి పై స్లాబుల్లో పడుతుంది. ఇంటికి ఇప్పటికే 250 యూనిట్లు కాలుతుంటే మొదటి 50 యూనిట్లు 7.70 చొప్పున, తర్వాతి 100 తొమ్మిది రూపాయల చొప్పున, మిగతావి తొమ్మిదిన్నర చొప్పున పడతాయి. మొత్తం సుమారు 1620. అంత పై స్లాబులో పడ్డా డీజిల్ ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు! ఈవీకి విడిగా మీటర్ తీసుకుంటే ఈ స్లాబుల గొడవే ఉండదు.

బయటి ఫాస్ట్ ఛార్జర్లే దిక్కయితే యూనిట్‌కు 20 రూపాయలు దాటుతుంది, నెలకు 3700 పైనే. అప్పుడు హైబ్రిడ్‌తో తేడా తగ్గుతుంది, ఛార్జర్ దగ్గర కూర్చునే సమయం అదనం. విజయవాడ 275 కిలోమీటర్లు కదా, దారిలో సూర్యాపేట దగ్గర ఒకసారి ఆగి ఛార్జ్ చేసుకుంటే హాయిగా వెళ్లొచ్చు.

సర్వీసింగ్‌లో ఆయిల్, ఫిల్టర్ల బిల్లు లేదు. ఇన్సూరెన్స్ మాత్రం మాకు డీజిల్ బండి కంటే ఎక్కువే పడింది. తెలంగాణలో ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ప్రకటించారు, ఆలోపే కొంటే మంచిది. మీది అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్‌కు అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, ఆ తర్వాతే బుకింగ్ డబ్బు కట్టండి.