హ్యాబిటాట్ ఇళ్ల పనికి ఒక శనివారం వెళ్తే ఉపయోగమేనా? ఆ ఇళ్లు ఊరికే ఇస్తారా?

మీరు అడిగింది ఇదీ: ఆఫీసు టీమ్ అంతా ఒక శనివారం తక్కువ ఆదాయమున్న కుటుంబాల కోసం ఇళ్లు కట్టే స్వచ్ఛంద సంస్థ హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వాళ్లు కడుతున్న ఇంటి పనికి వెళ్తోంది. మీకు సుత్తి పట్టడం కూడా రాదు. వెళ్లడం మేలా, ఆ డబ్బేదో పంపేయడం మేలా? అసలు ఆ ఇళ్లు ఎవరికిస్తారు, ఊరికే ఇచ్చేస్తారా?

నేను జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి ఉత్తరాన ఉంటాను. హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో ఈ పనికి వెళ్లడం మొదలుపెట్టాను. ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. అందుకే నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

ముందు చివరి ప్రశ్న సంగతి చూద్దాం. అది తేలితే మిగతావి సగం తేలిపోతాయి. ఊరికే ఇవ్వరండీ. ఆ కుటుంబం ఇల్లు కొనుక్కుంటుంది. అందరిలాగే రిజిస్ట్రేషన్, మార్ట్‌గేజ్ (ఇంటి మీద అప్పు), ఇన్సూరెన్స్, ప్రాపర్టీ టాక్స్ అన్నీ ఉంటాయి. తేడా ఎక్కడంటే, నెలవారీ ఖర్చు ఆ కుటుంబం ఆదాయంలో దాదాపు 30 శాతం దాటకుండా చూస్తారు. అప్పు మీద చాలాచోట్ల వడ్డీ ఉండదు, కొన్నిచోట్ల చాలా తక్కువ ఉంటుంది. కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూస్తారు. ఇప్పుడుంటున్న ఇల్లు సరిపోక నిజంగా ఇబ్బంది పడుతున్నారా, కిస్తీ కట్టగలరా, తమ ఇంటి పనిలో తామూ చెయ్యి వేస్తారా. ఈ మూడోదాన్ని స్వెట్ ఈక్విటీ అంటారు. ఎన్ని గంటలన్నది ఊరిని బట్టి మారుతుంది. చాలాచోట్ల వందల గంటలే ఉంటుంది. తమ ఇంట్లోనే కాదు, పక్కవాళ్ల ఇంట్లో చేసిన పని కూడా లెక్కలోకి వస్తుంది. డబ్బు లెక్కలు, ఇంటి నిర్వహణ మీద జరిగే క్లాసులకి కూర్చోవాలి.

వడ్డీ లేకపోతే ఏమంత తేడా అనుకుంటారేమో, ఒక్కసారి లెక్క వేసి చూడండి. 2 లక్షల డాలర్ల అప్పు, 30 ఏళ్లు, ఏడాదికి 6.5 శాతం వడ్డీ అనుకుందాం. నెలకి సుమారు 1,264 డాలర్లు కట్టాలి. మొత్తం కట్టేసరికి వడ్డీయే 2,55,000 డాలర్ల దాకా అవుతుంది. అదే వడ్డీ లేకపోతే నెలకి 556. మన ఊరి లెక్కలో 6.5 శాతమంటే నూటికి అర్ధరూపాయి వడ్డీ కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ మాత్రం వడ్డీ కూడా 30 ఏళ్లు నడిస్తే అసలుని మించిపోతుంది. మన దగ్గర రెండు రూపాయల వడ్డీకి, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి స్లాబు పూర్తి చేసుకునేవాళ్లని చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకు ఈ లెక్క ఇట్టే ఎక్కింది. బీద కుటుంబానికి గోడల ధర ఒక భారమైతే, ఆ గోడల కోసం తెచ్చిన డబ్బు ధర అంతకు మించిన భారం. ఈ పద్ధతి దెబ్బకొట్టేది ఆ రెండోదాన్ని.

ఈ ఆలోచన పుట్టింది కూడా మా జార్జియాలోనే. అమెరికస్ అనే చిన్న ఊరి పక్కన కోయినోనియా ఫార్మ్ అని ఒకటుంది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి బతకడమే నేరంగా చూసిన రోజుల్లో క్లారెన్స్ జోర్డన్ అనే ఆయన, మరికొందరు కలిసి దాన్ని నడిపారు. అక్కడికి మిలార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ అనే దంపతులు వచ్చారు. అప్పటికే వ్యాపారంలో బాగా సంపాదించి, ఆ ఆస్తినంతా వదులుకున్నవాళ్లు. లాభం వేసుకోకుండా, వడ్డీ లేకుండా ఇల్లు అమ్మడం, వచ్చిన కిస్తీలతో ఇంకో ఇల్లు కట్టడం అనే పద్ధతి అక్కడ మొదలైంది. ఫుల్లర్ దంపతులు దాన్ని ఆఫ్రికాలో, అప్పటి జైర్‌లో (ఇప్పటి కాంగో) కొన్నేళ్లు నడిపి చూసి, తిరిగొచ్చాక 1976లో హ్యాబిటాట్ స్థాపించారు. అంటే ఈరోజు ఒక కుటుంబం కట్టే కిస్తీ రేపు మరో కుటుంబం ఇంటికి పునాది అవుతుంది. దాతల డబ్బు ఆ చక్రాన్ని కదిలిస్తుంది, కిస్తీలు ఆగకుండా తిప్పుతాయి.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన ఊరు ప్లెయిన్స్ కూడా అక్కడికి దగ్గరే. ఆయన, ఆయన భార్య రోజలిన్ గారు 1984లో న్యూయార్క్‌లో పాడుబడ్డ ఒక అపార్ట్‌మెంటు బాగుచేయడానికి వాలంటీర్లతో కలిసి వెళ్లారు. అప్పటినుంచి 14 దేశాల్లో, 4 వేలకు పైగా ఇళ్ల పనిలో పాలుపంచుకున్నారు. 2006లో మహారాష్ట్రలో లోనావ్లా దగ్గరికీ వచ్చారు. 2019 అక్టోబరులో కార్టర్ గారు, 95 ఏళ్ల వయసులో, ఇంట్లో కిందపడి కనుబొమ మీద కుట్లు పడితే, వెంటనే బయల్దేరి నాష్‌విల్ సైటుకి వెళ్లారు. కమిలిపోయిన కన్నుతోనే పనిచేశారు. పని రాదని వెనకాడేవాళ్లకి నేను ఎప్పుడూ ఆయన అప్పటి ఫోటో చూడమంటాను.

ఇంకో మాట. మాది ఖమ్మం జిల్లా. హ్యాబిటాట్ మన దేశంలో పని మొదలుపెట్టింది 1983లో ఖమ్మంలోనే అని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. తెలిసిన రోజున మా నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇక పని సంగతి. ఇక్కడ గోడంటే ఇటుక కాదు కదా, చెక్క ఫ్రేము. 2 బై 4 అనే సైజు చెక్కల్ని నేల మీద పరిచి, ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి సరిగ్గా 16 అంగుళాలు కొలిచి మేకులు కొడతారు. 16 ఎందుకంటే, తర్వాత దాని మీద బిగించే షీట్లు 4 అడుగుల వెడల్పు, అంటే 48 అంగుళాలు. 16 చొప్పున ఉంటేనే ప్రతి షీటు అంచూ ఒక చెక్క మధ్యలో పడుతుంది. ఇవాళ మీరు అర అంగుళం అటూ ఇటూ కొలిస్తే, ఇంకొన్ని వారాల తర్వాత లోపలి గోడలకి షీట్లు వేయడానికి వచ్చే డ్రైవాల్ వాళ్లు తల పట్టుకుంటారు. అందుకే సైట్ సూపర్‌వైజర్లు మీకు సుత్తి ఇచ్చేముందు టేపు ఇస్తారు. అడ్డచెక్క మీద పెన్సిల్ గీత పెట్టి, నిలువు చెక్క ఆ గీతకి ఏ వైపు రావాలో ఒక ఇంటూ గుర్తు వేస్తారు. లెక్క తెలిసి, ఓపిక ఉన్న సాఫ్ట్‌వేర్ మనిషి ఆ పనికి అచ్చంగా సరిపోతాడు.

సుత్తి పట్టడం పదిహేను నిమిషాల్లో వస్తుంది. పిడిని సుత్తి తలకి దగ్గరగా కాకుండా చివర పట్టుకోవాలి. మొదట రెండు చిన్న దెబ్బలు వేసి మేకు నిలబడ్డాక, చెయ్యి తీసేసి కొట్టాలి. మణికట్టు బిగపట్టకుండా సుత్తి బరువుని పనిచేయనివ్వాలి. మేకు వంగితే పీకేసి ఇంకోటి కొట్టండి, ఎవరూ ఏమీ అనరు. కరెంటు పని, ప్లంబింగ్ లాంటివి లైసెన్స్ ఉన్నవాళ్లే చేస్తారు కాబట్టి మీ వల్ల ఇంటికి ప్రమాదం వస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు.

ఫ్రేము పూర్తయ్యాక అందరూ వరసగా నిలబడి, ఒక్క మాట మీద గోడని లేపుతారు. నేల మీద చెక్కలకట్టలా పడి ఉన్నది నిమిషంలో గోడై, కిటికీ ఖాళీతో సహా లేచి నిలబడుతుంది. ఎవరో ఒకరు అడ్డంగా చెక్క కొట్టి నిలబెట్టేదాకా అందరి చేతులూ దాని మీదే ఉంటాయి. మీ టీమ్‌కి ఆ రోజు దొరికితే అదృష్టమే.

నేను మర్చిపోలేనిది మాత్రం వేరే. ఒక ఇంటి యజమానురాలు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆవిడ, నిద్రపోకుండా నేరుగా సైటుకి వచ్చేది. ఒకరోజు ఇంకా గోడలు మూయని గదిలో నిలబడి, ఒక చెక్క మీద చెయ్యి పెట్టి, రెండో చెయ్యి చాచి, అలా జేనలు వేస్తున్నట్టు గది చుట్టూ తిరిగింది. ఏం కొలుస్తున్నారని అడిగాను. ఇద్దరు పిల్లలకి రెండు మంచాలు పడతాయా అని చూస్తోందట. అప్పటిదాకా ముగ్గురూ ఒకే గదిలో ఉండేవాళ్లు. నేను టేపు పట్టుకున్నాను, ఇద్దరం కలిసి కొలిచాం. మధ్యలో ఒక చిన్న బల్లకి కూడా చోటు వచ్చింది. డ్రైవాల్ వేసేముందు వాలంటీర్లు లోపలి చెక్కల మీద మంచి మాటలు రాసే అలవాటు చాలా సైట్లలో ఉంది. ఆ గదిలో నేను తెలుగులో శుభమస్తు అని రాశాను. అర్థమేంటని అడిగి తెలుసుకుని, కింద తన పిల్లల పేర్లు తెలుగులో రాయించుకుంది.

మతం గురించి మనవాళ్లు చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. సంస్థ పుట్టుక క్రైస్తవ విశ్వాసంలోంచే. పని మొదలయ్యేముందు కొన్నిచోట్ల చిన్న ప్రార్థన ఉంటుంది. కానీ ఇల్లు ఇవ్వడానికి మతం చూడరు, ఈ దేశంలో చట్టం కూడా ఒప్పుకోదు. మసీదులు, సినగాగ్‌లు, గుళ్ల తరఫున వచ్చి పనిచేసేవాళ్లూ ఉన్నారు. నన్ను ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: మనిషా, డబ్బా? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. జీవితంలో ఒకే ఒక్క శనివారం వెళ్లి, మళ్లీ ఆ వైపు చూడరు అనుకుంటే డబ్బే ఎక్కువ ఉపయోగం. స్థలం, చెక్క, సిమెంటు, పర్మిట్లు, లైసెన్స్ ఉన్న పనివాళ్లు, వీటన్నిటికీ డబ్బే కావాలి. ఇరవై మంది కొత్తవాళ్లని రోజంతా కనిపెట్టుకుని ఉండటానికి సూపర్‌వైజరు సమయం కూడా ఖర్చే. అందుకే చాలాచోట్ల కంపెనీ టీమ్‌లని స్పాన్సర్‌షిప్ కూడా తెమ్మని అడుగుతారు. అది అత్యాశ కాదు. కానీ నెలకి ఒక్కసారైనా వచ్చే మనిషికి డబ్బు సాటి రాదు. మా సైటులో సగం బరువు మోసేది వారం మధ్యలో వచ్చే రిటైరైన పెద్దవాళ్లే. సైడింగ్ (బయటి గోడల పలకలు) వేయడం, తలుపు ఫ్రేము బిగించడం అన్నీ వాళ్లకి కొట్టినపిండి. కొత్తవాళ్లకి నేర్పేదీ వాళ్లే. వాళ్లలో ఎక్కువమంది మొదటిసారి వచ్చింది ఇలాంటి ఆఫీసు శనివారానికే. కాబట్టి వెళ్లండి. నచ్చితే రెండోసారి ఒక్కరే వెళ్లండి.

డబ్బు కూడా ఇవ్వండి, మీ కంపెనీ చేత కూడా ఇప్పించండి. చాలా కంపెనీలు మీరిచ్చినంత తామూ ఇస్తాయి. మీరు పనిచేసిన గంటలకి కూడా సంస్థకి డబ్బు పంపే కంపెనీలున్నాయి. మనవాళ్లు ఆ ఫారం నింపడం బద్ధకించి ఏటా ఎంత డబ్బు వదిలేస్తున్నారో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

వెళ్లేముందు కొన్ని సంగతులు. కాలివేళ్లు మూసి ఉండే గట్టి బూట్లు తప్పనిసరి. సైటు పనికి కనీసం 16 ఏళ్లుండాలి, 18 లోపు పిల్లలకి కరెంటు పనిముట్లు, పైకప్పు పని ఇవ్వరు. ఇక్కడి ఎర్రమట్టి బట్టలకి అంటితే వదలదు, పాతవి వేసుకోండి. నీళ్లు ఎక్కువ తాగండి. ఆ ఇంటివాళ్లు కనిపిస్తే సాటి పనివాళ్లలా మాట్లాడండి. అడగకుండా ఫోటోలు తీయకండి, వాళ్ల పిల్లల ఫోటోలు అసలే పెట్టకండి. ఆ ఇల్లు మన దానం కాదు, వాళ్ల కష్టార్జితం. మీ భార్యాభర్తల్లో ఎవరైనా డిపెండెంట్ వీసా మీద ఉండి రావాలనుకుంటే, జీతం లేని స్వచ్ఛంద సేవ కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. అయినా అనుమానముంటే ఒకసారి లాయర్ని అడగండి.

ఎండలో నిలబడలేనివాళ్లకి హ్యాబిటాట్ వాళ్ల దుకాణం, రీస్టోర్ ఉంది. జనం ఇచ్చిన పాత తలుపులు, క్యాబినెట్లు, సోఫాలు, మిగిలిపోయిన టైల్స్ అక్కడ తక్కువ ధరకి అమ్మి, ఆ డబ్బు ఇళ్లకి వాడతారు. కౌంటర్ దగ్గరో, సామాను సర్దడానికో ఎప్పుడూ మనుషులు కావాలి. మీరు వంటిల్లు మార్పించుకుంటుంటే పాత క్యాబినెట్లు చెత్తలో వేయించకండి. ఫోన్ చేస్తే చాలాచోట్ల వాళ్లే వ్యాన్ పంపి తీసుకెళ్తారు, రసీదు కూడా ఇస్తారు. మీ టీమ్ వెళ్లేది ఏ ఊళ్లోనో కింద రాయండి. అట్లాంటా చుట్టుపక్కలైతే మీతో పాటు నేనూ వస్తాను.