సరిహద్దు దగ్గర ఆగు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

పొరలు పొరలుగా పేర్చిన అయస్కాంత పదార్థాల్లో ఎలక్ట్రాన్ స్పిన్ ఎలా ప్రయాణిస్తుందో చెబుతూ నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. ఈ విషయం మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలో తెలుస్తోంది. అయితే వ్యాసంలో ఎక్కువ భాగం పొరల గురించే ఉంది. ఇనుము ఎలాంటిది, రాగి ఎలాంటిది, క్రోమియం ఎలాంటిది అని చెప్పుకుంటూ పోయావు. ఒక పొర అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోటికి వచ్చేసరికి మాత్రం ‘అక్కడి నుంచి స్పిన్ అవతలి పొరలోకి వెళ్తుంది’ అని ఒక్క వాక్యంతో దాటేశావు. అసలు కథంతా ఆ దాటేసిన చోటే ఉంది.

అంతకన్నా ముందు, నీ మొదటి పేరాలో ఎలక్ట్రాన్‌ను తిరిగే బొంగరంతో పోల్చావు, ఆ పోలిక తీసెయ్. 1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిత్ స్పిన్ ఆలోచన తెచ్చినప్పుడే ఈ బొమ్మకు గట్టి అభ్యంతరం వచ్చింది. ఎలక్ట్రాన్‌ను తన చుట్టూ తాను తిరిగే చిన్న గోళం అనుకుని లెక్క వేస్తే, దాని ఉపరితలం కాంతికన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరగాల్సి వస్తుంది. పాఠకుడికి నిజంగా కావలసింది కొంచెమే. ఎలక్ట్రాన్‌కు ఛార్జి ఉన్నట్టే పుట్టుకతో కొంత కోణీయ ద్రవ్యవేగం, దానితోపాటు చిన్న అయస్కాంత గుణం ఉంటాయి. ఏ దిశలో కొలిచినా రెండే జవాబులు వస్తాయి. వాటిని అప్, డౌన్ అంటున్నాం. ఇంతవరకూ చెప్పి ముందుకు వెళ్లు.

1936లో నెవిల్ మాట్ ఇచ్చిన ఆలోచన దగ్గర మాత్రం తొందరపడకు. ఇనుము, కోబాల్ట్, నికెల్ లాంటి లోహాల్లో కరెంటును రెండు వేరు ప్రవాహాలుగా చూడవచ్చు, అప్ ఎలక్ట్రాన్లది ఒకటి, డౌన్ ఎలక్ట్రాన్లది ఒకటి. అయస్కాంతీకరణ వల్ల ఈ రెండిటికీ అందుబాటులో ఉండే శక్తి స్థాయిలు సమానంగా ఉండవు. అందుకే ఒక ప్రవాహం పెద్దగా చెదరకుండా సాగిపోతుంది, రెండోది అడుగడుగునా చెదురుతుంది. ఇది చెప్పాక పాఠకుడి చేత చిన్న లెక్క చేయించు. సులువైన ప్రవాహానికి ఒక పొరలో నిరోధం 1, కష్టమైనదానికి 5 అనుకుందాం. రెండు అయస్కాంత పొరల అయస్కాంతీకరణా ఒకే దిశలో ఉంటే ఒక ప్రవాహానికి మొత్తం 2, రెండోదానికి 10. అవి సమాంతరంగా కలిసి ఉన్నాయి కాబట్టి ఫలితం సుమారు 1.67. ఒక పొర దిశ తిప్పేస్తే ప్రతి ప్రవాహానికీ ఒకచోట 1, ఇంకోచోట 5, అంటే చెరో 6. కలిపితే 3. పదార్థం మారలేదు, మందం మారలేదు, దిశ మారినందుకే నిరోధం దాదాపు రెట్టింపయింది. సైన్స్ వ్యాసంలో లెక్కలు ఉండకూడదని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. ఇలాంటి లెక్క ఒక్కటి స్వయంగా చేసుకున్న పాఠకుడు ఆ విషయాన్ని మరిచిపోడు.

1988లో ఫ్రాన్స్‌లోని ఓర్సేలో ఆల్బర్ట్ ఫెర్ట్ బృందం, జర్మనీలోని యూలిష్‌లో పీటర్ గ్రూన్‌బెర్గ్ బృందం వేర్వేరుగా పట్టుకున్నది ఈ ప్రభావాన్నే. 2007 నోబెల్ బహుమతి దీనికే వచ్చింది. నువ్వు ‘నిరోధం సగానికి పడిపోయింది’ అని రాశావు. నిజమే, కానీ అది ఫెర్ట్ బృందం పేర్చిన అనేక ఇనుము–క్రోమియం పొరల్లో, 4.2 కెల్విన్ చలిలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో జరిగింది. గ్రూన్‌బెర్గ్ బృందం మూడే పొరలతో, గది ఉష్ణోగ్రత దగ్గర చూసిన మార్పు 1.5 శాతం. రెండూ గొప్ప ఫలితాలే. ఉష్ణోగ్రత, పొరల సంఖ్య చెప్పకుండా శాతం ఒక్కటే రాస్తే పాఠకుడికి తప్పు బొమ్మ అందుతుంది. దేనితో భాగించారో కూడా చూసుకో. పై లెక్కలోని మార్పునే ఎక్కువ నిరోధంతో భాగిస్తే 44 శాతం, తక్కువ నిరోధంతో భాగిస్తే 80 శాతం. ఈ రంగంలో పెద్ద పెద్ద శాతాలు కనిపించినప్పుడల్లా ముందు ఆ హారం ఏమిటో వెతుకు.

ఇక సరిహద్దుకు వద్దాం. ఎలక్ట్రాన్ ఒక లోహంలోంచి ఇంకో లోహంలోకి పోవాలంటే తన శక్తికి, తను కదిలే దిశకు సరిపోయే స్థాయి అవతల ఉండాలి. లేకపోతే వెనక్కి మళ్లుతుంది. కోబాల్ట్–రాగి సరిహద్దులో మెజారిటీ స్పిన్ (అయస్కాంతంలో ఎక్కువ సంఖ్యలో ఉండే రకం; తక్కువగా ఉండేది మైనారిటీ) ఎలక్ట్రాన్ల స్థాయిలు రాగి స్థాయిలతో చక్కగా కలుస్తాయి, వాటికి దారి సుగమం. ఇనుము–క్రోమియంలో ఇది తిరగబడుతుంది, మైనారిటీ స్పిన్‌కు దారి బాగుంటుంది. చూశావా, ఇది ఏ ఒక్క పొరకూ సొంతమైన గుణం కాదు, రెండూ కలిసిన చోట పుట్టింది. కోబాల్ట్ గురించి ఎంత చదివినా, రాగి గురించి ఎంత చదివినా, రెండిటినీ పక్కపక్కన పెట్టేదాకా ఇది బయటపడదు. దానికి తోడు సరిహద్దు ఎప్పుడూ గీత గీసినట్టు ఉండదు. ఒకటి రెండు పరమాణు వరుసల మేర రెండు లోహాలూ కలిసిపోతాయి, ఆ కలగాపులగంలో ఎలక్ట్రాన్లు చెదురుతాయి, ఆ చెదరడం కూడా స్పిన్‌ను బట్టి మారుతుంది.

కరెంటు పొరలకు అడ్డంగా, అంటే ఒక పొరలోంచి ఇంకో పొరలోకి నేరుగా పోతున్నప్పుడు ఇంకో సంగతి జరుగుతుంది. అయస్కాంతంలోంచి ఒక రకం స్పిన్ ఎక్కువగా వస్తుంది. రాగికి రెండూ సమానమే. కాబట్టి వచ్చిన మిగులు సరిహద్దుకు రెండు వైపులా పేరుకుంటుంది, దూరం పోయేకొద్దీ కరిగిపోతుంది. గది ఉష్ణోగ్రతలో శుభ్రమైన రాగిలో అది కొన్ని వందల నానోమీటర్ల దాకా నిలుస్తుంది, ప్లాటినంలో కొద్ది నానోమీటర్లకే పోతుంది. బరువైన పరమాణువుల్లో ఎలక్ట్రాన్ కదలికకూ స్పిన్‌కూ మధ్య బంధం బలంగా ఉండటం దీనికి ముఖ్య కారణం. ఈ ప్రవర్తనను 1993లో వాలే, ఫెర్ట్ సమీకరణాల్లో పెట్టారు.

నీ వ్యాసంలో అసలు కనిపించనిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఇక్కడి నుంచే వస్తుంది. ఇనుమును నేరుగా సెమీకండక్టర్‌కు ఆనించి స్పిన్‌ను లోపలికి పంపుదామని చాలామంది ప్రయత్నించారు. దాదాపు ఏమీ వెళ్లలేదు. సెమీకండక్టర్ నిరోధం లోహంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు ప్రవాహాలకూ అదే పెద్ద అడ్డంకి కావడంతో లోహంలో వాటి మధ్య ఉన్న చిన్న తేడా లెక్కలోకి రాకుండా పోతుంది. 2000లో ష్మిట్, ఆయన సహచరులు ఈ సంగతి స్పష్టంగా చూపించారు. అదే సంవత్సరం రాష్బా పరిష్కారం సూచించారు: మధ్యలో పలుచని బంధక పొర, అంటే మామూలుగా కరెంటును పోనివ్వని పదార్థపు పొర, ఒకటి పెట్టమని. అడ్డు పెడితే స్పిన్ బాగా వెళ్తుంది! ఆ అడ్డులో దూరే అవకాశం స్పిన్‌ను బట్టి మారుతుంది, దాని నిరోధం సెమీకండక్టర్ నిరోధానికి దీటుగా నిలుస్తుంది. ఆ రెండూ కలిసి తేడాను కాపాడతాయి. నేనైతే వ్యాసాన్ని ఈ చిక్కుతోనే మొదలుపెట్టి, పాఠకుడిని కాసేపు ఆలోచించనిస్తాను.

బంధక పొరల సంగతి వచ్చింది కాబట్టి మెగ్నీషియం ఆక్సైడ్‌ను వదలకు. 1995లో అల్యూమినియం ఆక్సైడ్ అడ్డు పెట్టి మూదెరా బృందం గది ఉష్ణోగ్రతలో చూసిన నిరోధం మార్పు సుమారు 12 శాతం. 2004లో మెగ్నీషియం ఆక్సైడ్‌తో పార్కిన్, యువాసా బృందాలు 200 శాతం దాకా వెళ్లాయి. అల్యూమినియం ఆక్సైడ్‌లో పరమాణువులకు క్రమం లేదు, మెగ్నీషియం ఆక్సైడ్ స్ఫటికం. ఇనుముతో కలిసిన చోట అది తరంగ రూపంలో ఒక ప్రత్యేక సౌష్ఠవం ఉన్న ఎలక్ట్రాన్లనే సులువుగా పోనిస్తుంది, ఆ సౌష్ఠవం ఇనుములో మెజారిటీ స్పిన్ వైపే దొరుకుతుంది. 2001లోనే సిద్ధాంతకర్తలు ఇది లెక్కగట్టి చెప్పారు.

స్పిన్ కరెంటు, అంటే ఒక రకం స్పిన్ ఎక్కువగా ఉన్న కరెంటు, అయస్కాంత పొర దిశనే తిప్పగలదని 1996లో స్లోంచెవ్‌స్కీ, బెర్జెర్ వేర్వేరుగా చెప్పిన సంగతికి ఒక పేరా చాలు. ఆ తిప్పుడు కూడా సరిహద్దు దాటిన మొదటి ఒకటి రెండు నానోమీటర్లలోనే జరుగుతుందని మాత్రం తప్పక రాయి. క్రోమియం అయోడైడ్ లాంటి ఒకే పొర మందం అయస్కాంతాల గురించి నువ్వు ఉత్సాహంగా రాశావు, బాగుంది. కానీ ఒంటరి పొరలో ఆ అయస్కాంతత్వం 45 కెల్విన్ దాటితే ఉండదని చెప్పకుండా రేపటి కంప్యూటర్ల గురించి మాట్లాడకు.

ముందు లోహాల పరిచయం ఉన్న ఆ నాలుగు పేరాలను ఒకటి చెయ్యి. మిగిలిన చోటంతా సరిహద్దుకు ఇవ్వు. ఇనుము–సెమీకండక్టర్ చిక్కు నీ మాటల్లో ఎలా వస్తుందో చూడాలని ఉంది. వ్యాసం మొత్తం అక్కర్లేదు, ఆ భాగం రాయగానే పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య