పాత డెల్ టీ3500లో ఓఎస్ ఎక్కడం లేదు: ఒకదానికి డిస్క్ కనబడదు, ఇంకోటి కాపీ మధ్యలో ఆగిపోతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పర్లాకిమిడిలో డీటీపీ షాపు కోసం రెండు పాత డెల్ ప్రెసిషన్ టీ3500లు కొన్నారు. మొదటిదాంట్లో లినక్స్ మింట్ ఇన్‌స్టాలర్‌కి హార్డ్‌డిస్కే కనబడదు, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతోంది. రెండోదాంట్లో విండోస్ 10 ఫైళ్ళు కాపీ అవుతూ ఒకసారి 40 శాతం దగ్గర, ఇంకోసారి 80 దగ్గర ఆగింది. వేరే ఓఎస్ ప్రయత్నించాలా అని అడిగారు.

ఓఎస్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. రెండూ హార్డ్‌వేర్ బాధలే, కానీ ఒకే బాధ కాదు. ప్రతిసారీ ఒకే శాతం దగ్గర ఆగితే పెన్‌డ్రైవ్‌లోని ఫైల్ పాడై ఉండాలి, లేదా డిస్క్ మీద ఆ చోటు పోయి ఉండాలి. మీకు ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది. అలాంటప్పుడు ర్యామ్, శాటా కేబుల్ (డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపేది), ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా), వేడి, ఈ నాలుగింటినే అనుమానించాలి.

మొదటి మెషీన్ బ్యాటరీతో మొదలుపెట్టండి. తేదీ వెనక్కి పోవడమూ, డిస్క్ కనబడకపోవడమూ ఒకే కారణం వల్ల కావచ్చు. మదర్‌బోర్డ్ మీద సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. మల్టీమీటర్‌తో చూస్తే కొత్తది 3 వోల్టుల పైన చూపిస్తుంది, 2.8 కిందికి దిగితే తీసి పారేయండి. వాచీలు బాగుచేసే ఏ కొట్లోనైనా దొరుకుతుంది, దీనికోసం బరంపురం దాకా వెళ్ళక్కర్లేదు. పవర్ కేబుల్ పూర్తిగా పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాతే మార్చండి. ప్లస్ గుర్తు పైకి రావాలి. బ్యాటరీ చచ్చిన బోర్డు, గోడ కరెంటు పోయినప్పుడల్లా బయోస్ (ఓఎస్ కన్నా ముందు లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగులన్నీ మరిచిపోయి ఫ్యాక్టరీ సెట్టింగుకి వెళ్ళిపోతుంది. మీరు నిన్న మార్చిన డిస్క్ మోడ్ (దాని సంగతి కింద చెప్తాను) ఇవాళ ఉండదు. తేదీ తప్పుంటే ఇంకో చిక్కు కూడా వస్తుంది: మింట్ అప్‌డేట్ చేయబోతే ప్యాకేజీల జాబితా ఇంకా చెల్లుబాటు కాలేదని ఎర్రర్ ఇస్తుంది, బ్రౌజర్ ప్రతి సైట్‌కీ సర్టిఫికెట్ తప్పంటుంది. చాలామంది దాన్ని ఇంటర్నెట్ లోపం అనుకుని రోజంతా రౌటర్ చుట్టూ తిరుగుతారు. ఒక్క సంగతి మాత్రం కలపకండి. విండోస్, లినక్స్ రెండూ ఉన్న మెషీన్‌లో గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు తేడా చూపిస్తే అది బ్యాటరీ కాదు. ఒక ఓఎస్ గడియారాన్ని గ్రీన్‌విచ్ సమయంగానూ, రెండోది మన సమయంగానూ చదవడం వల్ల వచ్చేది.

బ్యాటరీ మార్చాక ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్ళండి. డ్రైవ్స్ విభాగంలో రెండు చూడాలి. ఒకటి, ఒక్కో శాటా పోర్టుకీ ఆన్, ఆఫ్ విడిగా ఉంటుంది. డిస్క్ గుచ్చిన పోర్టు ఆఫ్‌లో ఉంటే ఏ ఓఎస్‌కీ ఆ డిస్క్ కనబడదు. రెండు, శాటా ఆపరేషన్. అందులో ఏహెచ్‌సీఐ అన్న మాట ఉన్న మోడ్ ఎంచుకోండి, ఉత్త రెయిడ్ ఆన్ వద్దు (రెయిడ్ అంటే కొన్ని డిస్కులని కలిపి ఒకటిగా వాడే పద్ధతి). ఇప్పటికే విండోస్ ఎక్కి ఉన్న డిస్క్‌కి ఈ మోడ్ మారిస్తే నీలి తెర మీద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తుంది, కాబట్టి ఇన్‌స్టాల్ చేయకముందే తేల్చుకోవాలి. బ్యాటరీ చచ్చిన మెషీన్‌లో నిన్నటిదాకా నడిచిన విండోస్ ఇవాళ హఠాత్తుగా ఈ ఎర్రర్ ఇచ్చినా కారణం ఇదే, మోడ్ దానంతట అది వెనక్కి పోయిందన్నమాట. ఫార్మాట్ చేయక్కర్లేదు, మోడ్ మళ్ళీ పాతదానికి పెడితే లేస్తుంది.

మోడ్ సరిచేసినా మింట్‌కి డిస్క్ కనబడకపోతే, అది ఇదివరకు ఏదో ఆఫీసులో రెయిడ్ జతలో పనిచేసిన డిస్క్ అయి ఉండొచ్చు. సెకండ్‌హ్యాండ్ వర్క్‌స్టేషన్లలో ఇది మామూలే. డిస్క్ చివర పాత రెయిడ్ గుర్తు మిగిలిపోతుంది, ఫార్మాట్ చేసినా పోదు. లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌కి డిస్క్ కనబడుతుంది గానీ, ఇన్‌స్టాలర్ దాన్ని సగం రెయిడ్‌గా భావించి పక్కన పెడుతుంది. లైవ్ మింట్‌లో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మింట్‌లో, డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరవండి. అక్కడ డిస్క్ ఉండి ఇన్‌స్టాలర్‌లో లేకపోతే చాలావరకు కారణం ఇదే. టెర్మినల్‌లో వైప్ఎఫ్ఎస్ (wipefs) అనే ఆదేశంతో ఆ గుర్తులు చెరిపేయాలి. అది మొత్తం డిస్క్‌ని ఖాళీ చేసినట్టే, కాబట్టి ముందు ఎంత జీబీ డిస్కో చూసి పేరు సరిపోల్చుకోండి, పక్కన పెన్‌డ్రైవ్ కూడా ఉంటుంది కదా.

డిస్క్ కేబుల్ మదర్‌బోర్డ్‌కి కాకుండా విడి ఎస్ఏఎస్ కార్డ్‌కి (సర్వర్ తరహా డిస్కుల కోసం వేసేది) వెళ్తోందేమో కూడా చూడండి. ఎల్ఎస్ఐ 1068ఈ చిప్ ఉన్న కార్డులు 2 టీబీకి మించిన డిస్క్‌ని పూర్తిగా చదవలేవు. కార్డు పీకేసి డిస్క్‌ని నేరుగా బోర్డుకి తగిలించడమే నా సలహా. మీ పనికి ఆ కార్డుతో అవసరం లేదు.

ఇక పెన్‌డ్రైవ్. టీ3500 యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) రాక ముందటి తరం బయోస్‌తో నడుస్తుంది. ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ ప్రోగ్రామ్‌లో పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్, టార్గెట్ బయోస్ అని పెట్టి చేసిందే బూట్ అవుతుంది, జీపీటీతో చేసినది మెనూలో కనబడినా లేవదు. వెనక వైపు యూఎస్‌బీ పోర్టుకే గుచ్చండి. తర్వాత ఎవరో వేసిన యూఎస్‌బీ 3 కార్డు నుంచి ఈ బయోస్ బూట్ చేయలేదు. ఎన్‌వీఎంఈ డిస్క్ (శాటా కన్నా వేగమైన కొత్త తరం ఎస్‌ఎస్‌డీ) కూడా అంతే, అడాప్టర్ వేస్తే ఓఎస్ లేచాక డేటా డిస్క్‌గా పనిచేస్తుంది గానీ దాన్నుంచి బూట్ కాదు. మామూలు శాటా ఎస్‌ఎస్‌డీ చాలు. ఈ బోర్డు శాటా వేగం సెకనుకి 3 గిగాబిట్లే, కాబట్టి ఖరీదైనది కొని లాభం లేదు.

రెండో మెషీన్‌కి ఎక్కువ ఓపిక కావాలి. ముందు ర్యామ్. స్టిక్కర్ మీద పీసీ3-10600 తర్వాత ఉన్న అక్షరం చూడండి. యూ (U) అంటే మామూలుది, ఈ (E) అంటే ఈసీసీ (తప్పులు సరిదిద్దే వీలున్న) అన్‌బఫర్డ్, ఆర్ (R) అంటే సర్వర్లలో వాడే రిజిస్టర్డ్. ఆర్ ఉన్నవాటిని మిగతావాటితో కలపకూడదు. పాత సామాన్ల కొట్లో సర్వర్ నుంచి తీసిన ఆర్ స్టిక్కులే చవగ్గా దొరుకుతాయి, కొనేముందు అక్షరం చదవండి. తర్వాత అన్నీ తీసి, బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. మన వైపు వానాకాలంలో మూసి ఉన్న గదిలో పడి ఉన్న మెషీన్ పళ్ళ మీద తుప్పుపొర పడుతుంది. ఒక్క స్టిక్‌తో, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రామ్ నడపండి, ఆ తర్వాత ఒక్కొక్కటే మార్చండి. రాత్రి పెట్టి పొద్దున్న చూడటం మంచిది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ వద్దు. ఎర్రర్ స్టిక్ వెంట పోతోందా, స్లాట్‌తోనే ఉండిపోతోందా చూసుకోండి.

ఈసీసీ స్టిక్కులతో ఒక మెలిక ఉంది. ఒక్క బిట్ తప్పులను ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలరే సరిచేసేస్తుంది, అంచేత మెమ్‌టెస్ట్ శుభ్రంగా పాసవ్వచ్చు. లైవ్ లినక్స్‌లో కెర్నెల్ సందేశాల్లో ఎడాక్ (EDAC) అన్న వరసలు పదే పదే వస్తుంటే ఆ స్టిక్ పాడవుతోందని తెలుసుకోవాలి. మూడు 4 జీబీ స్టిక్కులు పెడితే 8 జీబీయే కనబడుతోంటే స్లాట్ పాడైందని వెంటనే తేల్చకండి. ఈ మెషీన్‌లో ఉండే జియాన్ తరంలో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది, మూడు ఛానెళ్ళుంటాయి. ప్రాసెసర్ మీద వేడి లాగే హీట్‌సింక్ ఒకవైపు ఎక్కువ బిగిసినా, సాకెట్‌లో ఒక్క పిన్ వంగినా ఒక ఛానెల్ మొత్తం మాయమవుతుంది. ప్రాసెసర్ తీసి, టార్చ్ వెలుగులో పిన్నులు చూసి, మళ్ళీ పెట్టేటప్పుడు నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా బిగించండి. పాత పేస్ట్ ఎండి సున్నంలా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది వేయండి.

ర్యామ్ బాగుంటే డిస్క్స్ ప్రోగ్రామ్‌లోనే డిస్క్ స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూడండి. 5, 197 నంబర్ల అసలు లెక్కలు (రా విలువలు) సున్నా కాకపోతే డిస్క్ పోతోంది. 199 పెరుగుతోంటే డిస్క్ కాదు, కేబుల్. ఆ అంకె తగ్గదు, కాబట్టి కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి. కొత్త డిస్క్ కొనేముందు నూరో రెండొందలో అయ్యే కేబుల్ మార్చి చూడటం ఎప్పుడూ మేలు.

కరెంటు సంగతి మన ఊళ్ళలో తేలిగ్గా తీసుకోకూడదు. కేబినెట్‌కి చెయ్యి తగిలితే చిమచిమలాడుతోందంటే ఎర్తింగ్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ లేకపోతే వాటివల్ల కేబినెట్ సుమారు 110 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. మామూలుగా ప్రాణానికి ముప్పు తెచ్చేంత కరెంటు ఉండదు గానీ ర్యామ్, యూఎస్‌బీ పోర్టులకు మంచిది కాదు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టి చూడండి, రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. తర్వాత ఇన్‌స్టాల్ జరుగుతుండగానే ఖాళీగా ఉన్న డిస్క్ పవర్ ప్లగ్‌లో పసుపు తీగ 11.4 నుంచి 12.6, ఎర్ర తీగ 4.75 నుంచి 5.25 మధ్య ఉందా చూడండి. ఆగిపోయే క్షణంలో కిందికి జారితే దోషం ఎస్‌ఎంపీఎస్‌దే. దాని బదులు బజారులో దొరికే మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ తగిలించేముందు పిన్నుల వరస సరిపోల్చండి. బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లు కొన్నింటికి వరస వేరు, తప్పు గుచ్చితే బోర్డే పోతుంది. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దాకానే, లేజర్ ప్రింటర్‌ని దానికి అసలు తగిలించకండి. దాని హీటర్ వెలిగినప్పుడల్లా యూపీఎస్ కుంగిపోతుంది.

మింట్ ఎక్కాక తెర నల్లబడితే పాత క్వాడ్రో (ఎన్‌విడియా గ్రాఫిక్స్) కార్డు కారణం కావచ్చు. బూట్ మెనూలో e మీట నొక్కి, లినక్స్ (linux) అని మొదలయ్యే వరస చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చి, ఎఫ్10 నొక్కండి. ఆ తరం కార్డులకు ఎన్‌విడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానేసింది, లినక్స్‌తోనే వచ్చే నూవో డ్రైవర్‌తో సరిపెట్టుకోవడమే మంచిది.

ఏ ఓఎస్ అంటారా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది, విండోస్ 11 అధికారికంగా ఈ మెషీన్ ఎక్కదు. మీ పాత పెళ్ళిపత్రికలన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో, ఒడియావి ఆకృతితో ఉంటే ఒక మెషీన్‌లో విండోస్ ఉంచి, దానికి ఇంటర్నెట్ తీసేయండి. మరీ పాత ప్రోగ్రామ్‌కి 16 బిట్ ఇన్‌స్టాలర్ ఉంటే 64 బిట్ విండోస్‌లో నడవదని గుర్తుంచుకోండి. ఇంకోదాంట్లో మింట్ 22 వేయండి, అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. మెయిల్, ఆన్‌లైన్ ఫారాలు, యూనికోడ్ పని అంతా దాంట్లో చేసుకోవచ్చు. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు, ఒడియా లేఅవుట్లు రెండూ చేర్చుకోండి, జాబితాలో ఒరియా అని ఉండొచ్చు. రెండూ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతే. తెలుగులో క ఏ మీట మీద ఉందో, త ఏ మీట మీద ఉందో ఒకసారి నేర్చుకుంటే ఒడియాలోనూ అవే మీటలు, వేళ్ళకి కొత్తగా నేర్పక్కర్లేదు.