తాగినన్నాళ్లూ ఇంట్లో లేరు, మానేశాకా ఇంట్లో లేరు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాకు 38, మావారికి 44. ఇద్దరు పిల్లలు. ఆయన పదేళ్లు విపరీతంగా తాగారు. 14 నెలల క్రితం డీ-అడిక్షన్ వార్డు నుంచి బయటికొచ్చి ఏఏలో (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) చేరారు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు, అందుకు ఆ గ్రూపువాళ్లకు దణ్ణం పెడతాను. కానీ వారంలో ఆరు రోజులు సాయంత్రం ఆరింటికి వెళ్తే రాత్రి పదింటికి వస్తారు. గ్రూపుకు సెక్రటరీ ఆయనే, డబ్బు లెక్కలు ఆయనే, టీ పెట్టేదీ ఆయనే. హాలు అద్దె తక్కువైతే ఇంట్లో డబ్బు తీసి కడుతున్నారు. కొత్తగా చేరిన ఒకతనికి 8,000 అప్పిచ్చారు, అతను మళ్లీ కనిపించలేదు. పోయిన నెల ఒక రాత్రి బాగా తాగేసిన మనిషిని తెచ్చి ముందు గదిలో పడుకోబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం అతనికి ఫిట్స్ వచ్చాయి. పిల్లలు హడలిపోయారు. ఇదేమిటని గట్టిగా అడిగితే ‘సేవ మానేస్తే మళ్లీ తాగుతాను, నీ ఇష్టం’ అన్నారు. నా నోరు పడిపోయింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ నోరు మూయించిన ఆ మాట దగ్గరే మొదలుపెడదాం. అందులో సగం నిజం, సగం బెదిరింపు.

నిజమైన సగం ఇది. ఏఏలో సేవ పుణ్యం కోసం చేసేది కాదు, తాను తాగకుండా ఉండటానికి చేసేది. ఆయనకు అది మందు (ఆ మాటకు మన భాషలో ఉన్న రెండో అర్థం మీకు చెప్పక్కర్లేదు). ఏఏ మొదలైందే ఆ సంగతి తెలిశాక. 1934 డిసెంబరులో తాగుడు మానిన బిల్ విల్సన్ (తర్వాత ఏఏ స్థాపకుల్లో ఒకడు) న్యూయార్కులో ఆరు నెలలపాటు తాగుబోతుల వెంటపడ్డాడు. ఒక్కడూ మానలేదు. విసిగిపోయి ఆ మాట భార్య లోయిస్‌తో అంటే, ‘నువ్వు మాత్రం తాగలేదు కదా’ అని ఆవిడే గుర్తుచేసింది. 1935లో అమెరికాలోనే ఆక్రన్ అనే ఊళ్లో ఏఏ రెండో స్థాపకుడైన డాక్టర్ బాబ్‌ను కలిసినప్పుడు బిల్ చేసిందల్లా, తనను కాపాడుకోవడానికి ఇంకొక తాగుబోతుతో మాట్లాడటమే. ఆ మాటల్లోంచే ఏఏ పుట్టింది.

ఆ లోయిస్ సంగతే ఇంకొకటి ఉంది, మీకు పనికొచ్చేది. భర్త తాగుడు మానేసిన కొత్తల్లో ఒకరోజు ‘త్వరగా తయారవు, మీటింగుకు టైమవుతోంది’ అంటే ఆవిడ చెప్పు తీసి విసిరింది. అన్నేళ్లు తాగుడుతో వేగింది తానైతే, మానిపించిన పేరు బయటివాళ్లకు వచ్చిందన్న ఉక్రోషం అది. తాగుబోతుల కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్‌కు వేరు ఆ కోపంలోనే ఉంది. కాబట్టి మీరు కృతజ్ఞత లేని మనిషినేమో అని మథనపడకండి.

ఇక బెదిరింపు సగం. ఆయన తాగడమూ తాగకపోవడమూ మీ చేతిలో లేదు. తాగుడు మీ వల్ల రాలేదు, మీరు అదుపు చేయలేరు, మీరు నయం చేయలేరు అన్నది అల్-అనాన్‌లో అందరికీ మొదట చెప్పే మాట. మీటింగులకు వెళ్లడమే మానేస్తే ప్రమాదం, నిజమే. పదవులు తగ్గించుకుంటే ప్రమాదమేమీ లేదు. మీరు ఏకరువు పెట్టినవాటిలో దాదాపు ప్రతిదీ ఏఏ సొంత పద్ధతులకే విరుద్ధం. అందుకని మీరు ఆ గ్రూపుతో పోట్లాడక్కర్లేదు, గ్రూపు పద్ధతి పాటించమని అడిగితే చాలు.

అన్నిటికన్నా ముందు ఆ ఫిట్స్ సంగతి, ఎందుకంటే అది ప్రాణాల మీదికొచ్చే విషయం. రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి ఆపితే ఆరేడు గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండెదడ, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. అప్పుడు వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మీ ఇంట్లో పడుకున్నతను సరిగ్గా ఆ గడియారం ప్రకారమే నడిచాడు. రాత్రి తాగి పడుకున్నాడు, మత్తు దిగిన మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, చన్నీళ్ల స్నానం దీన్ని ఆపలేవు. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు సీసా పెట్టించడం ఇంకా పొరపాటు. ఏళ్లుగా తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిను అడుగంటి ఉంటుంది. ఆ ఉన్న కాస్తా గ్లూకోజును ఖర్చు చేయడానికే అయిపోతే మెదడు దెబ్బతింటుంది. అందుకే ఆసుపత్రిలో ముందు బి1 ఇంజెక్షను ఇచ్చి ఆ తర్వాతే గ్లూకోజు జోలికి వెళ్తారు.

కొత్తవాణ్ణి కలవడానికి వెళ్లేటప్పుడు ఏఏ పాత అలవాటు ఇలా ఉంటుంది: ఎప్పుడూ ఇద్దరు వెళ్తారు, ఒక్కరు వెళ్లరు. మగవాళ్ల దగ్గరికి మగవాళ్లు, ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లు. అతని ఇంట్లోనో, ఆసుపత్రిలోనో, నలుగురూ తిరిగే చోటో కలుస్తారు. తమ ఇంటికి తీసుకురారు. మత్తులో ఉన్నవాడికి బోధించడం దండగ, మర్నాడు దిగాక, ఒళ్లు హూనమై ఉన్నప్పుడు వింటాడు. వెళ్లగానే అడగాల్సినవి నాలుగు: చివరి గుక్క ఎప్పుడు, రోజుకు ఎంత, మానినప్పుడు ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, షుగరు, లివరు లాంటి జబ్బులున్నాయా. రోజూ తాగేవాడైతే, లేదా ఒక్కసారైనా ఫిట్స్ వచ్చినవాడైతే, ముందు ప్రభుత్వ ఆసుపత్రి, తర్వాతే ఏఏ. ఫిట్స్ వస్తున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వెంటనే 108. ఈ సంగతి మీవారికి తెలియక కాదు, జాలి ముందుకొచ్చి తెలివి వెనకబడింది. లోయిస్, బిల్ కూడా మొదట్లో బ్రూక్లిన్‌లోని తమ ఇంట్లో తాగుబోతుల్ని నెలల తరబడి ఉంచుకున్నారు. అలా ఉండి మానినవాళ్లు లేనట్టే. కాబట్టి ‘మత్తులో ఉన్న మనిషి మన గడప దాటి లోపలికి రాకూడదు’ అని మీరు చెప్పవచ్చు. ఇందులో బేరం పెట్టకండి.

డబ్బు. ఏఏ ఏడో సంప్రదాయం (గ్రూపులు నడుచుకునే నియమాల్లో ఏడోది) ప్రకారం గ్రూపు తన ఖర్చు తన సభ్యుల చందాలతోనే గడుపుకోవాలి, బయటివాళ్ల సొమ్ము తీసుకోకూడదు. మీరు సభ్యురాలు కాదు, కాబట్టి మీ వంటింటి డబ్బాలోంచి పోయిన అద్దె ఆ సంప్రదాయానికే విరుద్ధం. ఆయన సభ్యుడిగా అందరిలాగే డబ్బాలో తన వంతు వేయవచ్చు, లోటు పూడ్చడం మాత్రం ఆయన పని కాదు. లోటు దాచిపెడితే గ్రూపుకు లోటుందనే తెలియదు. అద్దె 1,500, టీ బిస్కట్లు 1,200, పుస్తకాలు 300 అనుకుంటే నెలకు 3,000. ఆ లెక్క కాగితం మీద రాసి మీటింగులో చదివితే జనం డబ్బాలో వేస్తారు, లేదా చిన్న గదికి మారతారు. రెండూ మంచివే.

లెక్క చూసే పద్ధతి కూడా మార్చాలి. మీటింగు అయ్యాక అక్కడే ఇద్దరు కలిసి డబ్బాలో డబ్బు లెక్కపెట్టాలి, పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ డబ్బు ఆయన జేబులోని పర్సులో కలవకూడదు. రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉంచి, మిగిలింది ఇంటర్‌గ్రూపుకు (చుట్టుపక్కల గ్రూపులన్నిటి ఉమ్మడి ఆఫీసుకు) పంపేయాలి. ఇది అనుమానం కొద్దీ పెట్టిన పద్ధతి కాదు. ఖర్మ కాలి ఒకరోజు ఆయన జారితే జేబులో గ్రూపు సొమ్ము ఉండకూడదు. తాగిన సిగ్గు కన్నా తిన్న సొమ్ము సిగ్గు పెద్దది, ఆ సిగ్గుతోనే చాలామంది తిరిగి గ్రూపు గుమ్మం ఎక్కరు.

అప్పుల గురించి ఒక్క ముక్క. ఏఏ డబ్బివ్వదు, ఉద్యోగాలు చూపించదు, ఇల్లు చూపించదు, ఆసుపత్రి బిల్లు కట్టదు. ఇచ్చేది మానిన మనిషి అనుభవం ఒక్కటే. ఆ 8,000 పోయినట్టే అనుకోండి. అతని దగ్గరికి వసూలుకు వెళ్లవద్దని మీవారికి కూడా చెప్పండి. అప్పు వల్లే అతను మీటింగుకు రావడం మానేసి ఉండొచ్చు. అతను మళ్లీ వస్తే కుర్చీ చూపించడమే.

ఇప్పుడు పదవులు. సెక్రటరీ, లెక్కలు ఒకే చేతిలో ఉండకూడదు, ఎంత నిజాయితీపరుడైనా సరే. ఒక మనిషికి ఒక బాధ్యత, ఆరు నెలలో ఏడాదో చేసి ఇంకొకరికి అప్పగించడం చాలా గ్రూపుల్లో ఉన్న ఆనవాయితీ. ఎనిమిదిమందో పదిమందో వచ్చే చిన్న గ్రూపుల్లో ఇది ఎందుకు చెడుతుందంటే, మిగతావాళ్లు మొహమాటపడి వెనక కూర్చుంటారు, పనిమంతుడికే పని మీద పని పడుతుంది. ఆ తర్వాత ‘నేను లేకపోతే గ్రూపు మూతపడుతుంది’ అనే నమ్మకం తలకెక్కుతుంది. అది తాగుడుకు దూరపు చుట్టం. పైగా కుర్చీలు సర్దే పని, తలుపు దగ్గర నిలబడి పలకరించే పని కొత్తగా మానినవాళ్లకు దక్కాల్సిన మందు. అన్నీ తానే చేస్తే వాళ్ల డోసు కూడా తానే తాగేస్తున్నట్టు.

మా సలహా, ఆయన టీ ఉంచుకుని మిగతా రెండూ వదలాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, టీ పెట్టేవాడు అరగంట ముందు రావాలి, కొత్త మొహాన్ని మొదట చూసేది అతనే, ఎవరి మీదా పెత్తనం ఉండదు. ఏడాది దాటిన మనిషికి అంతకన్నా మంచి పని లేదు.

వదలడం కూడా ఒక్కరోజులో కాదు. గ్రూపు వ్యవహారాలు మాట్లాడుకునే నెలవారీ సమావేశంలో ముందుగా చెప్పాలి. కొత్తవాళ్లను ఎన్నుకున్నాక ఒక నెల పక్కన ఉండాలి. హాలు తాళాలు, లెక్కల పుస్తకం, చేతిలో ఉన్న నగదు, పుస్తకాల నిల్వ జాబితా, హాలు యజమాని నంబరు, ఇవన్నీ కాగితం మీద రాసి సంతకంతో అప్పగించాలి. ఇవి చేయకుండా అలిగి మానేస్తే రాత్రి పదకొండింటికి ‘అన్నా, తాళం ఎక్కడ?’ అని ఫోను ఇంటికే వస్తుంది.

మీటింగులు ఎన్ని అన్నది మీరు తేల్చకండి. మానిన కొత్తల్లో 90 రోజుల్లో 90 మీటింగులు అంటారు, అది దాటి ఆయన చాలా దూరం వచ్చారు. వారానికి మూడా నాలుగా అన్నది తన స్పాన్సర్‌తో (ఏఏలో దారి చూపే పాత సభ్యుడితో) కూర్చుని నిర్ణయించుకోమనండి. ఆయనకు స్పాన్సర్ ఉన్నాడా అని కూడా అడగండి. లేడంటే, లేదా నెలల తరబడి మాట్లాడలేదంటే, మీరు కంగారుపడాల్సింది అక్కడ. మీటింగు నడిపించడానికి వెళ్తూ తన గోడు చెప్పుకోవడం మానేయడం, తిండి నిద్ర సరిగ్గా లేకపోవడం, ఇంటికొచ్చి ఫలానా సభ్యుడి మీద ఆవేశపడటం, ఇవి జారే ముందు కనిపించే గుర్తులు. వాటిని సేవ చాలా బాగా దాచిపెడుతుంది.

మీ సంగతి. తాగుడుకు దూరంగా ఉండటానికి ఏఏలో ఆయన పాటిస్తున్న 12 మెట్లలో ఎనిమిది, తొమ్మిది ఏమిటో తెలుసా? తాను బాధపెట్టినవాళ్ల జాబితా రాయడం, వాళ్లకు జరిగినదాన్ని వీలైనంత సరిదిద్దడం. ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిదై ఉండాలో ఆయనకు తెలుసు. ఆదివారం పూట పిల్లలతో ఉండటం ఆ మెట్టు ఎక్కడమే. ‘నాకు టైమివ్వండి’ అనే బదులు ‘తొమ్మిదో మెట్టు మన ఇంట్లో ఎక్కడిదాకా వచ్చింది?’ అని అడిగి చూడండి, ఒక్కసారే, వెటకారం లేకుండా.

మీకు దగ్గర్లో అల్-అనాన్ మీటింగు ఉందేమో గ్రూపువాళ్లకే తెలుస్తుంది. లేకపోతే ఏఏ ఓపెన్ మీటింగుకు కుటుంబసభ్యులు వెళ్లవచ్చు, ఒకసారి వెనక కుర్చీలో కూర్చోండి. అక్కడ చూసిన మొహాలు, విన్న పేర్లు బజార్లో ఎత్తకూడదు. మీకే నిద్ర పట్టక, ఏడుపు ఆగక ఉంటే టెలీ-మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఇంకొక జాగ్రత్త. మీవారు మానేశారని తెలిసి ఇరుగుపొరుగు ఆడవాళ్లు ‘అన్నంలో కలిపే బిళ్ల ఏదైనా ఉందా’ అని మిమ్మల్ని అడుగుతారు. మనిషికి తెలియకుండా అలాంటి మాత్ర పెట్టి, అతను పైన తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. డాక్టరు దగ్గరికి పంపండి, లేదా డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబరు ఇవ్వండి.

ఆయనతో మాట్లాడటానికి మీటింగు నుంచి వచ్చిన రాత్రి వద్దు, ఆకలితో అలసటతో ఉంటారు. మీటింగు లేని ఆ ఏడో రోజు పొద్దున, టిఫిన్ అయ్యాక కూర్చోండి. మూడే చెప్పండి: మత్తులో ఉన్నవాళ్లు ఇంటికి రాకూడదు, ఇంటి డబ్బు గ్రూపుకూ అప్పులకూ పోకూడదు, వచ్చే నెలవారీ సమావేశంలో రెండు పదవులు వదులుతున్నట్టు చెప్పాలి. రాత్రి పది తర్వాత వచ్చే ఫోన్లకు గ్రూపులో నలుగురి నంబర్లు రాసి వంతులు పెట్టుకోమనండి. ఆ వంతు కాగితం మీ ఫ్రిజ్ మీద కూడా ఒకటి అంటించండి, ఆయన స్నానంలో ఉన్నప్పుడు ఫోనెత్తేది మీరే కదా.