తెల్ల గౌను కింద రంగు చెప్పులా? వేసుకుని పెళ్లి చేసుకున్నదాన్ని చెప్తున్నా

నువ్వు అడిగింది ఇది: మే నెలలో కడపలో చర్చి పెళ్లి, హాఫ్‌వైట్ గౌను. సాయంత్రం రిసెప్షన్‌కు మామిడిపండు రంగు ధర్మవరం పట్టు, ఆకుపచ్చ అంచు. గౌను కింద ఎర్ర హీల్స్ వేసుకోవాలని నీకు, తెల్లవే వేసుకోవాలని మీ అమ్మకు. చెల్లీ, ఇదే తగవు 2017లో మా ఇంట్లో జరిగింది. (నువ్వు అనే అంటున్నా, ఏమనుకోవద్దు.)

రంగువి వేసుకోవచ్చు. నేను వేసుకున్నా. రాణీ రంగు వెల్వెట్ హీల్స్. చెప్పులు ఫొటోల్లో బ్రహ్మాండంగా పడ్డాయి, గౌను మాత్రం పాడైంది. ముందు ఆ సంగతి విను, రంగు గురించి తర్వాత మాట్లాడుకుందాం.

పెళ్లికి మూడు వారాల ముందు బెంగళూరులో ఒక షాపులో కొన్నా. మాదీ మే నెల పెళ్లే. పొద్దున పదిన్నరకే ఎండ మాడ్చేస్తా ఉంది. దుమ్ము లేవకూడదని చర్చి ముందర ఎవరో నీళ్లు చల్లినారు. కారు దిగి ఆ తడిలో పది అడుగులు వేశానో లేదో, గౌను అంచు తడిసి చెప్పులకు అతుక్కుంది. వాకిలి దగ్గర మా పిన్ని కిందికి చూసి "అయ్యో పాపా, ఇదేందే!" అనింది. ఎడమ పక్క అంచు మీద బెత్తెడు గులాబీ మరక. వెల్వెట్ రంగు దిగింది. నీళ్లతో తుడిస్తే ఇంకా పాకుతుందని పిన్ని తుడవనీలేదు. సండే స్కూల్ గదిలోకి పరిగెత్తి, బోర్డు కింద పడి ఉన్న చాక్‌పీసు ముక్క తెచ్చి, పట్టుచీరతోనే మోకాళ్ల మీద కూర్చుని ఆ మరక మీద రుద్దింది. ముదురు గులాబీ కాస్తా లేత గులాబీ అయింది, అంతే. లోపల పాట మొదలుపెట్టేశారు, ఇంక నడవక తప్పలేదు. ఎడమ వైపు నుంచి తీసిన ప్రతి ఫొటోలోనూ ఆ మరక ఉంది. రాత్రి చెప్పులు విప్పితే పాదాల చుట్టూ అదే రంగు. "మీకు పారాణి లేదంటివే" అని నా స్నేహితురాలు ఒకటే నవ్వు.

కాబట్టి నచ్చిన రంగు దొరకగానే బిల్లు కట్టొద్దు. తెల్ల నూలు గుడ్డ ఒకటి బ్యాగులో పెట్టుకుపో. తడిపి, బాగా పిండి, చెప్పు పైభాగం మీద ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దు. లోపల కాలు ఆనే చోటా రుద్దు, మే నెలలో చెమట పుట్టేది అక్కడే. గుడ్డకు రంగు కొంచెం అంటినా ఆ జత తెల్ల గౌను కిందకు పనికిరాదు. షాపువాళ్లు మూతి ముడుచుకుంటారు, ముడుచుకోనీ. ముదురు రంగు వెల్వెట్, స్వెడ్ రెండింటినీ అనుమానంగానే చూడు. శాటిన్ రంగు దిగకపోయినా నీటి చుక్క పడితే మచ్చ కడుతుంది. రెగ్జిన్ లాంటి ఆర్టిఫిషియల్ లెదర్ అంటే మనకు చిన్నచూపు గానీ, ఈ ఒక్క పనికి మాత్రం అదే మేలు.

ఇప్పుడు రంగు. గౌను నేలదాకా ఉంటుంది కదా, నడిచేటప్పుడు కనబడేది చెప్పు ముందు కొన మాత్రమే. మెట్లెక్కేటప్పుడు, కూర్చున్నప్పుడు, ఫొటో కోసం కావాలని గౌను ఎత్తి పట్టుకున్నప్పుడు మొత్తం కనబడుతుంది. మడమ దగ్గర పువ్వులు, రిబ్బన్ బో ఉన్నవాటికి ఎక్కువ డబ్బులు పెట్టొద్దు, వాటిని చూసేది నువ్వొక్కదానివే. లేత రంగులు నాకు అస్సలు నచ్చవు. లేత గులాబీ, లేత నీలం తెల్లబట్ట పక్కన, అందులోనూ వీడియో లైట్ల కింద, ఉతికి ఉతికి వెలిసిపోయినట్టు ఉంటాయి. పెట్టేది ముదురు రంగే పెట్టు. పాలలాంటి తెలుపైతే నెమలికంఠం, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ బాగా నిలుస్తాయి. నీది హాఫ్‌వైట్, అందులో కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. దానికి మెరూన్, ఇటుక ఎరుపు, ఆవపసుపు, మామిడిపండు లాంటివి కలుస్తాయి. రక్తం లాంటి ఎరుపు వేసుకుంటే అందరి చూపూ ముఖం మీది నుంచి కాళ్ల మీదికి పోతుంది. అదే నీకు కావాలంటే వేసుకో, తప్పేం లేదు. చెప్పుల రంగు ఇంకొక్క చోట, బొకే రిబ్బన్ మీదో తోడు పెళ్లికూతుళ్ల ఓణీల మీదో, కనబడేటట్టు చూసుకో. ఒక్క చోట చాలు. టై, బెలూన్లు, స్టేజీ పూలు అన్నీ అదే రంగైతే ఎన్నికల ప్రచారం లాగుంటుంది.

సాయంత్రం చీరకు కూడా అవే వేసుకుంటే డబ్బు మిగులుతుంది. ఇక్కడ నేను చేసిన తప్పు ఇంకొకటుంది. నా చీర నెమలికంఠం, రాణీ అంచు. అంచుకు సరిపోతాయని రాణీ రంగు చెప్పులు కొన్నా. చీర కట్టాక పాదాల దగ్గర ఉండేది అంచే కదా. ధర్మవరం అంచు అసలే వెడల్పు. ఆ అంచులో నా చెప్పులు కలిసిపోయి, వేసుకున్నట్టే తెలియలేదు. చీర ఒంట్లో ఉన్న నెమలికంఠం రంగు చెప్పులు కొనుంటే గౌను కిందా కనబడేవి, చీర కిందా కనబడేవి, నెమలికంఠం జత నేను చేజేతులా వదులుకున్నట్టయింది. (ధర్మవరం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కానీ మా ఇంట్లో ఇంకా అనంతపురం ధర్మవరమే.)

నీ లెక్క చూస్తే నా ఓటు మామిడిపండు రంగుకే. ఆకుపచ్చ అంచు కింద మెరుస్తుంది, హాఫ్‌వైట్‌కు సరిపోతుంది, పైగా మీ అమ్మ దాన్ని బంగారు రంగు అనుకుని సగం దారికి వస్తుంది.

రాళ్లు, బకిల్స్ ఉన్నవి మాత్రం తేవద్దు. గౌను లోపలి నెట్ వాటికి పట్టుకుంటుంది. సాయంత్రం జరీ పోగు లేచిందంటే దాన్ని నేసినాయన కూడా వెనక్కి పెట్టలేడు. చీర కట్టించుకునేది కూడా చెప్పులు వేసుకున్న తర్వాతే, లేకపోతే హీల్స్ మీదికి ఎక్కగానే చీర రెండంగుళాలు పొట్టి అవుతుంది.

మీ అమ్మ సంగతి. తెల్ల గౌను మన తాతల నాటిది కాదు, ఇంగ్లీషు వాళ్లకు కూడా మరీ పాతదేం కాదు. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తన పెళ్లికి తెల్ల శాటిన్ గౌను వేసుకున్నాకే ఆ మోజు బాగా పాకింది. అంతకుముందు అక్కడా తమ దగ్గరున్న మంచి గౌను ఏ రంగుదైతే అదే కట్టుకుని పెళ్లి చేసుకునేవాళ్లు. పెళ్లికూతురి ఒంటి మీద నీలం రంగుది ఏదో ఒకటి ఉండాలనే ఆనవాయితీ కూడా వాళ్లకుంది, కొందరు దాన్ని చెప్పులతోనే కానిస్తారు. ఇదంతా నేను మా జేజికి వివరంగా చెప్పినా. ఆమె విని, "రాణమ్మ సంగతి మనకెందుకే, అయ్యగారు ఏమంటాడో అడుగుపో" అనింది. పాస్టర్ అయ్యగారిని అడిగితే ఆయన, "ఏ రంగైనా వేసుకోమ్మా, జారి పడకుండా రా, చాలు" అన్నారు.

ఆ మాట తమాషాకు అన్నది కాదు. మా చర్చి లోపలంతా మన కడప బండలే, నల్లగా, నున్నగా, ముఖం కనబడేటట్టు పాలిష్ చేసినవి. కొత్త హీల్స్ అడుగు దాని మీద సబ్బు ముక్కలాగా జారుతుంది. మా అన్న నా చెప్పులు తీసుకుని, మేడ మీద గచ్చు మీద అడుగులు బాగా గరగరా రుద్దుకొచ్చాడు. గరుకు కాగితంతో రుద్దినా సరే. సన్న హీల్ వద్దు, కార్పెట్ మడతలో దిగబడుతుంది, బయట మట్టిలోనూ దిగబడుతుంది. రెండంగుళాల బ్లాక్ హీల్ నాకు సరిపోయింది. రిసెప్షన్‌లో మూడు గంటలు నిలబడినా, ఆఖరి గంట మాత్రం బ్యాగులోని హవాయి చెప్పులతోనే. చీర కింద ఎవరూ చూడలేదు.

చెప్పులు సాయంత్రం పూట కొను, పాదాలు అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటాయి. కొత్తవి కరవకుండా వారం రోజులు ఇంట్లో సాక్సులు తొడుక్కుని అరగంట చొప్పున తిరుగు. తోలు చెప్పులకు రాసినట్టు కొబ్బరి నూనె గుడ్డ చెప్పులకు రాయొద్దు, మరక పోదు.

ఒకటి మాత్రం నువ్వు రాయలేదు, మీ చర్చిలో చెప్పులు వేసుకుని లోపలికి పోనిస్తారా? టౌనులో మాది బెంచీల చర్చి, వేసుకునే కూర్చుంటాం. మా చిన్నాయన వాళ్ల పల్లెలో అందరూ బయటే వదులుతారు. ఆయన కూతురి పెళ్లిలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. మూడంగుళాల హీల్స్‌కు సరిపోయేటట్టు గౌను కుట్టించుకుని వచ్చింది, వాకిట్లో పెద్దలు చెప్పులు విప్పమన్నారు. విప్పగానే గౌను మూడంగుళాలు నేల మీద పడింది. పాపం, రెండు చేతులతో గౌను ఎత్తి పట్టుకుని నడిచింది, ఆ బొకేను పక్కన వాళ్ల నాయన మోసుకొచ్చాడు.

అందుకే టైలరుకు గౌను ఇచ్చే ముందు అయ్యగారికి ఒక ఫోను చెయ్యి. వేసుకోవచ్చు అంటే చెప్పులు ముందు కొని, అవి వేసుకుని నిలబడి అంచు కొలత ఇవ్వు. వద్దు అంటే ఉత్త కాళ్లతో కొలత ఇవ్వు, మామిడిపండు రంగు జత సాయంత్రానికి దాచుకో.