సెలవు రోజున కడుపు మాడ్చకండి

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు, బరువు 82 కిలోలు. ఆరు నెలలుగా వారానికి 4 రోజులు జిమ్‌లో బరువులు ఎత్తుతున్నాను. రోజూ 2500 క్యాలరీలు తిన్నన్నాళ్లు బరువు పెరగలేదు, తగ్గలేదు. నాకు పొట్ట తగ్గాలి, కండా రావాలి. ఒక స్నేహితుడి మాట విని జిమ్ రోజున 3000, సెలవు రోజున 1000 క్యాలరీలు తింటున్నాను. సెలవు రోజు తిండంటే పండ్లు, సూప్, రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు. జిమ్ మర్నాడు పొద్దున తూచుకుంటే కిలోన్నర ఎక్కువ చూపిస్తోంది. సెలవు రోజు రాత్రి ఆకలికి నిద్ర పట్టక, లేచి చేతికందింది తినేస్తున్నాను. ఎనిమిది వారాలైంది, నడుం కొలత కదల్లేదు. పద్ధతే తప్పా, నేను చేయడంలో తప్పా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కాగితం తీసుకుని లెక్క వేశాను. 3000 చొప్పున 4 రోజులు, 1000 చొప్పున 3 రోజులు, మొత్తం వారానికి 15,000. మీ ఒంటికి సరిపోయేది 17,500. అంటే వారానికి 2500 లోటు. కిలో ఒంటి కొవ్వులో దాదాపు 7700 క్యాలరీలు ఉంటాయి కాబట్టి, వారానికి 300 గ్రాముల పైచిలుకు కొవ్వు కరగాలి. ఎనిమిది వారాలకు రెండున్నర కిలోలు. అది కరగలేదంటే ఆ లోటు ఎక్కడో పూడిపోయింది. ఎక్కడో మీరే రాశారు. మూడు రాత్రులు లేచి, లేచినప్పుడల్లా 800 క్యాలరీలు తిన్నా చాలు, వారం లోటంతా దాదాపు భర్తీ అయిపోతుంది.

దీన్ని మీ నిగ్రహం లేమి అనుకోకండి. ముందు రోజు బరువులు ఎత్తిన 82 కిలోల మనిషి 1000 క్యాలరీలతో పడుకుంటే ఆకలి లేపకుండా ఎలా ఉంటుంది?

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆ సెలవు రోజు తిండే. పండ్లు, సూప్, రెండు గుడ్లు, పాలు అన్నీ కలిపినా ప్రోటీన్ 30 గ్రాములు దాటడం కష్టం. బరువులు ఎత్తినప్పుడు కండకు పని పడుతుంది, అంతే. కొత్త కండ కట్టడం ఆ తర్వాత మొదలై 24 నుంచి 48 గంటల దాకా సాగుతుంది. అంటే మీ సెలవు రోజే కండ పెరిగే రోజు. సరిగ్గా ఆ రోజునే దానికి కావలసిన సరుకు అందకుండా చేస్తున్నారు. ఎనిమిది వారాలుగా పడ్డ శ్రమ ఇలా పోవడం చూస్తే నాకు నిజంగా మనసు చివుక్కుమంది.

రోజూ ఒకేలా తినాలన్న నియమమేమీ లేదు, తిండిని మార్చుకోవచ్చు. అయితే తిండిలో ఏది మారాలి, ఏది మారకూడదు అన్నది తెలియాలి. ప్రోటీన్ మారకూడదు. పిండి పదార్థాలు మారవచ్చు. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నదంతా దాదాపు ఈ రెండు మాటల్లోనే ఉంది.

మీకు నేను రాసిచ్చేది ఇది. జిమ్ రోజున 2350, సెలవు రోజున 1880. వారం మొత్తం 15,040, మీరు ఇప్పుడు కాగితం మీద వేసుకున్న లెక్కే. రెండు రకాల రోజుల్లోనూ ప్రోటీన్ 130 గ్రాములు, కొవ్వు 65 గ్రాములు. పిండి పదార్థాలు మాత్రం జిమ్ రోజున దాదాపు 310 గ్రాములు, సెలవు రోజున 195. తేడా మొత్తం అందులోనే ఉంది. ఒక పూట పళ్లెంలో అన్నమో రొట్టో బాగా తగ్గి, దాని చోట కూరగాయలు వచ్చినంత తేడా. ఈ తేడాతో మీకు రాత్రి మెలకువ రాదు.

130 గ్రాములు నేనేదో ఊహించి చెప్పింది కాదు. అనేక అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో వచ్చింది. బరువులు ఎత్తేవాళ్లలో కిలో ఒంటి బరువుకు రోజుకు 1.6 గ్రాములు దాటాక, అదనంగా తిన్న ప్రోటీన్ వల్ల సగటున కండకు పెద్దగా లాభం కనిపించలేదు. 82ని 1.6తో గుణించండి. దాన్ని ఒక్క పూటలో కుక్కుకోకుండా మూడు నాలుగు పూటలకు పంచుకోండి. గుడ్లు, చేపలు, మాంసం, పాలు, పెరుగు, పప్పులు, సోయా, ఏది మీకు పడితే అది. శాకాహారులైతే పప్పుతో పాటు వచ్చే పిండి పదార్థాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి, చాలామంది మరచిపోయేది ఇదే.

కొవ్వు తగ్గుతూ కండ పెరగడం అసలు సాధ్యమా అని మీకు అనుమానం ఉండొచ్చు. మీలా బరువులు ఎత్తడం మొదలుపెట్టి ఎక్కువ కాలం కానివాళ్లకు, ఒంట్లో కొవ్వు నిల్వ ఉన్నవాళ్లకు సాధ్యమే. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. 40 మంది యువకుల తిండిని నాలుగు వారాల పాటు 40 శాతం తగ్గించి, వారానికి ఆరు రోజులు గట్టిగా వ్యాయామం చేయించారు. కిలోకు 2.4 గ్రాముల ప్రోటీన్ తిన్నవాళ్లకు కొవ్వు 4.8 కిలోలు తగ్గింది, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. 1.2 గ్రాములు తిన్నవాళ్లకు కొవ్వు 3.5 కిలోలు తగ్గింది, కండ ఉన్నది నిలిచింది గానీ పెరగలేదు. అయితే మీరు ఆ 40 శాతాన్ని పట్టుకోకండి. వాళ్లకు భోజనం కొలిచి ఇచ్చారు, పక్కన నిలబడి వ్యాయామం చేయించారు, అదీ నాలుగు వారాలే. ఉద్యోగం చేసుకుంటూ నెలల తరబడి నడవాల్సిన వాళ్లకు రోజుకు సగటున 500 దాటి లోటు నేను రాయను. మీకు రాసింది 350.

ఇక తూకం సంగతి. పిండి పదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు ఒళ్లు వాటిలో కొంత గ్లైకోజెన్‌గా కండల్లోనూ కాలేయంలోనూ దాస్తుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ముందు రోజు దాదాపు ఖాళీ కడుపుతో ఉండి 3000 తింటే, 300 గ్రాముల గ్లైకోజెన్ చేరినా నీటితో కలిపి కిలోంపావు. దానికి ఉప్పు పట్టి ఉంచిన నీరు, పేగుల్లో ఉన్న తిండి కలపండి. మీ కిలోన్నర అదే. మీకు సరిపోయే దానికంటే ఆ రోజు తిన్నది 500 ఎక్కువ, దానంతా కొవ్వుగా మారినా 65 గ్రాములే. అంచేత రోజూ పొద్దున తూచుకుని రాసుకోండి గానీ, ఏ ఒక్క రోజు అంకెనూ చూసి బెంబేలెత్తకండి. ఏడు రోజుల సగటును గడిచిన వారం సగటుతో పోల్చండి. రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర నడుం కొలవండి. ఎత్తుతున్న బరువులు రాసుకోండి. నడుం తగ్గుతూ, బరువులు పెరుగుతుంటే తూకం కదలకపోయినా మీరు దారిలోనే ఉన్నారు.

మరి వారం మొత్తమే ముఖ్యమైతే రోజుకో రకంగా తినడం ఎందుకు? ఈ ప్రశ్న నేను చాలా ఆలస్యంగా వేసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నర్సుకు వారంలో ఏడు రోజులకూ 1600 అని రాసిచ్చాను. ఆవిడకు వారానికి నాలుగు రోజులు పన్నెండు గంటల డ్యూటీ, అంతసేపూ కాళ్ల మీదే. మూడు నెలలు అంకె తప్పకుండా పాటించాలని చూసి, పాటించలేక, నా దగ్గరికి వచ్చి తన చేతకానితనమేనని ఏడ్చింది. ఆవిడ నోటుబుక్కు తిప్పి చూస్తే, తిండి హద్దు దాటిన రోజులన్నీ డ్యూటీ రోజులే. తప్పు ఆవిడది కాదు, నాది. డ్యూటీ రోజులకు 1800, ఇంట్లో ఉండే రోజులకు 1350 అని మార్చాను. వారం మొత్తంలో తేడా వచ్చింది 50 క్యాలరీలే. ఆవిడకు మాత్రం ఊపిరి తీసుకున్నట్టయింది. హెచ్చుతగ్గుల వల్ల అదనంగా కొవ్వేమీ కరగదు. తిండి పని ఉన్న రోజున దొరుకుతుంది, లేని రోజున పెద్దగా లోటనిపించదు. జిమ్‌లో చివరి సెట్టు దాకా ఓపిక ఉంటుంది. ఆ వెసులుబాటు వల్లే మనిషి నెలల తరబడి నిలబడగలుగుతాడు.

ఇంకొక్కటి, నిద్ర. బరువెక్కువున్న పదిమందికి ఒకే లోటు తిండి పెట్టి, 14 రోజులు ఎనిమిదిన్నర గంటలు, మరో 14 రోజులు ఐదున్నర గంటలు పడుకోనిచ్చారు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. తగ్గిన బరువు రెండు విడతల్లోనూ దాదాపు ఒకటే. నిద్ర తక్కువైనప్పుడు మాత్రం కొవ్వు తగ్గడం సగానికి పైగా పడిపోయింది, కొవ్వు కాని బరువు ఎక్కువ పోయింది. మీ ఆకలి రాత్రులు మిమ్మల్ని ఇలా రెండు వైపులా దెబ్బతీశాయి. నాలుగు వారాలు ఈ కొత్త లెక్కతో ఉండి మళ్లీ రాయండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రోజూ గంట నడుస్తాను. మూడు రోజులు తక్కువ తిని నాలుగో రోజు రెట్టింపు తింటే మెటబాలిజం మేలుకుంటుందని విన్నాను. నిజమేనా?

జవాబు: బరువు తగ్గే కొద్దీ ఒళ్లు ఖర్చు తగ్గించుకోవడం నిజం. ఒక్క రోజు రెట్టింపు తింటే అది తిరిగి లేచి కూర్చుంటుందన్నది మాత్రం నిజం కాదు. ఒంట్లో నిల్వ చాలినంత ఉందని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ కాస్త పెరిగి, మళ్లీ తగ్గించి తినగానే దిగిపోతుంది. రెండు వారాలు తగ్గించి, రెండు వారాలు సరిపడా తిన్న స్థూలకాయులైన మగవాళ్లకు, ఆపకుండా తగ్గించి తిన్నవాళ్ల కంటే బరువు ఎక్కువ తగ్గిందని 2017లో ఒక అధ్యయనం వచ్చిన మాట వాస్తవం. 2021లో బరువులు ఎత్తేవాళ్ల మీద అలాంటిదే మరొకటి చేస్తే, కొవ్వు తగ్గడంలో తేడా కనిపించలేదు. విరామాలు తీసుకున్నవాళ్లకు ఆకలి బాధ మాత్రం తక్కువగా ఉంది. కాబట్టి నెల రెండు నెలలకోసారి ఒక వారం సరిపడా తినండి, మంచిదే. రెట్టింపు వద్దు.

మీకు అంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి చెప్పాలి. నడక గుండెకు మేలు చేస్తుంది, కండను పెంచదు. ఈ వయసు నుంచి కండ మెల్లగా కరుగుతుంటుంది. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం మొదలుపెట్టండి. ఆ రోజుల్లో పిండి పదార్థం కాస్త పెంచండి, ప్రోటీన్ అన్ని రోజులూ.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఇలా మార్చి తినవచ్చా?

జవాబు: మీ డాక్టర్‌ను అడగకుండా వద్దు. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు పిండి పదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. మందు మోతాదు, తిండి రెండూ కలిపి ఒకేసారి మార్చాలి. కిడ్నీ జబ్బు ఉంటే ప్రోటీన్ లెక్క కూడా వాళ్లే చెప్పాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, పరుగు పందేలకు తయారవుతోంది. వారంలో మూడు రోజులు ‘లో డే’ అంటూ రోజంతా నీళ్లూ కాఫీతో గడుపుతోంది. అడిగితే కోప్పడుతోంది. తల్లిగా నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ పేజీలో నేను పైన రాసిన అంకెలేవీ మీ అమ్మాయికి వర్తించవు. ఎదిగే వయసు, పైగా పరుగు. ఆమెకు ఏ రోజూ తక్కువ రోజు కాకూడదు. 1944, 45లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు దాదాపు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్లు రోజంతా తిండి గురించే ఆలోచించారు, చిరాకుపడ్డారు, నలుగురిలోకి రావడం మానేశారు. మీ అమ్మాయి కోపం మీ మీద కాదు, అది ఆకలి కోపం.

గొడవ పడకండి, అంకెల గురించి మాట్లాడకండి. నీరసంగా ఉందా, చలిగా అనిపిస్తోందా, కాలి ఎముకల్లో నొప్పి వస్తోందా, నెలసరి వస్తోందా అని నెమ్మదిగా అడగండి. మూడు నెలలుగా నెలసరి ఆగి ఉంటే ఈ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, తిండి చాలక ఎముకలు బలహీనపడే ప్రమాదం ఉంది. వస్తున్నా సరే, ఒకసారి చూపించండి. ఆమె కోచ్‌తో మీరే మాట్లాడండి, ఈ ‘లో డే’ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. రాత్రి భోజనానికి ఆమె పక్కనే కూర్చుని మీరూ తినండి. తూకం యంత్రం ఆమె గదిలో ఉంటే అక్కడినుంచి తీసేయండి.