బెర్గెన్‌లో సాయంత్రం పూట డ్రమ్ములు కొడుతూ కవాతు చేసే పిల్లలు ఎవరు, మా అబ్బాయిని చేర్చొచ్చా?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా నార్వేలోని బెర్గెన్‌కి వచ్చారు, నూర్‌నెస్‌లో ఇల్లు తీసుకున్నారు, చలి కాస్త తగ్గినప్పటి నుంచి సాయంత్రమైతే చాలు కిటికీ కింద డ్రమ్ములు, తొంగి చూస్తే యూనిఫాంలో చిన్నపిల్లలు, భుజాన తుపాకుల్లాంటివి. ఇది ఆర్మీ ట్రైనింగా, ఏదైనా పార్టీ వాళ్లదా, జాతీయవాదమా, ఎనిమిదేళ్ల మా వాడు నేనూ వెళ్తానని గోల చేస్తున్నాడు, పంపొచ్చా అని.

పంపండి. మా వాడు తొమ్మిదో ఏట చేరాడు, ఇప్పుడు వాడికి పదమూడు. ఈ నాలుగేళ్లలో నేను చూసింది చెప్తాను.

ముందు అదేమిటో చెప్పాలి కదా. వాటిని బూఎకోర్ప్స్ అంటారు. బూఎ అంటే విల్లు, కోర్ప్స్ అంటే దళం. 1850లలో ఈ ఊళ్లో పెద్దవాళ్లకి పౌర సైన్యం ఉండేది, అంటే మామూలు వ్యాపారులూ చేతిపనుల వాళ్లూ వంతులవారీగా కవాతు చేసి ఊరికి కాపలా కాసేవాళ్లు. వాళ్లని చూసి వీధిలో పిల్లలు కర్రలు భుజాన వేసుకుని అలాగే నడవడం మొదలుపెట్టారు. అలా ఏ పేటకి ఆ పేట ఒక దళం పెట్టుకుంది. ద్రెగ్గెన్ పేట వాళ్లది 1856 నాటిది, మీ నూర్‌నెస్ వాళ్లది 1858, కొండ అంచున ఉన్న స్కాన్సెన్ వాళ్లది 1860. ఆ పౌర సైన్యం ఎప్పుడో పోయింది, దాన్ని చూసి ఆడుకున్న పిల్లల ఆట మాత్రం నూట అరవై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది. నార్వేలో వేరే ఊళ్లలో కూడా ఒకప్పుడు ఇలాంటివి ఉండేవి, ఇంత గట్టిగా నిలబడింది మాత్రం ఇక్కడే. వాళ్ల జెండాల మీద పేర్లు గమనించండి, పాత స్పెల్లింగే ఉంటుంది, ఇప్పుడు మ్యాప్‌లో నూర్‌నెస్ అని రాసే పద్ధతి వేరు, జెండా మీద ఉన్నది వేరు. మార్చమంటే పిల్లలే ఒప్పుకోరు.

ఆర్మీకీ దీనికీ సంబంధం లేదు, పార్టీలకీ లేదు. ఆ తుపాకులు చెక్కవి, కాల్చేది ఏమీ ఉండదు. కొందరి దగ్గర అడ్డంగా పట్టుకునే విల్లు ఉంటుంది, ఆఫీసర్ల నడుముకి కత్తి ఉంటుంది. చూడగానే మనకి ఎన్.సి.సి. గుర్తొస్తుంది, నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాదు. ఎన్.సి.సి.లో పైన పెద్దవాళ్లు ఉంటారు, ప్రభుత్వం ఉంటుంది. ఇక్కడ పైన ఎవరూ లేరు. ఏడేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా ఉన్న పిల్లలే అందులో ఉంటారు, వాళ్లలో పెద్దవాళ్లే ఆఫీసర్లు, వాళ్లలో ఒకడు షెఫ్, అంటే అందరికీ పెద్ద. ప్రాక్టీసు ఎన్ని గంటలకి, ఏ వీధి మీదుగా వెళ్లాలి, ఎవరికి ప్రమోషన్, కొత్త డ్రమ్ములకి డబ్బులు ఎలా, ఎవడు అల్లరి చేస్తే ఏం చేయాలి, అన్నీ వాళ్లే తేల్చుకుంటారు. మన వీధిలో వినాయక చవితి పందిరికి కుర్రాళ్లు కమిటీ వేసుకుని చందాలు వసూలు చేసి అంతా వాళ్లే చూసుకుంటారే, అలాంటిది ఏడాదిలో సగం రోజులు జరిగితే ఎలా ఉంటుందో ఊహించండి.

నాకు మింగుడు పడనిది కూడా ఇదే. మన దగ్గర పిల్లవాణ్ణి ఏదైనా క్లాసులో చేర్చామంటే సార్‌తో మాట్లాడతాం, ఫీజు కడతాం, గేటు దగ్గర నిలబడతాం. ఇక్కడ మాట్లాడటానికి సార్ లేడు. మొదటి రోజు నేను వాణ్ణి తీసుకెళ్లి ఎవరితో మాట్లాడాలని వెతుకుతుంటే పదిహేడేళ్ల కుర్రాడొకడు వచ్చి, నాకు చెయ్యి ఇచ్చి, తర్వాత నన్ను వదిలేసి మా వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, నీ పేరేంటి, నీకు ఎడమ కాలు ఏదో తెలుసా అని అడిగాడు. మా వాడు ఎడమ కాలు ఎత్తి చూపించాడు. సరే నువ్వు లైన్లో చేరు అన్నాడు. అంతే. ఇంటర్వ్యూ అయిపోయింది.

రెండో వారంలో వాన. బెర్గెన్ వాన గురించి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటి పడుతుంది, దానికోసం ఇక్కడ ఏదీ ఆగదు. పిల్లలు తడుస్తూనే వీధి చివరి దాకా నడిచి వెనక్కి వస్తున్నారు. మా వాడు వరసలో ఆఖరివాడు, చేతులు నొప్పులేమో ఆ చెక్క తుపాకీ భుజం మీద నిలవట్లేదు, జారిపోతోంది, మళ్లీ ఎత్తుకుంటున్నాడు, మళ్లీ జారుతోంది. ముఖం చూస్తే ఏడుపు వచ్చేలా ఉంది. నాకు ప్రాణం ఆగలేదు, గొడుగు పట్టుకుని రోడ్డు దాటి నేరుగా వరసలోకి వెళ్లి వాడి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఒక ఆఫీసరు, పదహారేళ్లు కూడా ఉంటాయో లేదో, డ్రమ్ములు ఆపించి నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు: "మీరు అటు నిలబడండి, మేము చూసుకుంటాం." గొంతు పెంచలేదు. నేను వెనక్కి తగ్గాను. వాడు మా వాడి తుపాకీ బెల్టు విప్పి రెండు రంధ్రాలు కిందికి బిగించి, భుజం మీద ఎక్కడ ఆనాలో చూపించి, తడిసిన టోపీ తీసి నీళ్లు పిండి మళ్లీ తలమీద పెట్టాడు. డ్రమ్ములు మొదలయ్యాయి. తుపాకీ మళ్లీ జారలేదు. ఇంటికి వచ్చాక మా ఆవిడ వేడినీళ్లు పెడుతుంటే వాడు నాతో అన్న మాట ఒకటే: "నాన్నా, ఇంకెప్పుడూ మధ్యలోకి రావద్దు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు నాన్నని దూరంగా ఉండమన్నాడు, పదహారేళ్ల కుర్రాడు నా కొడుకు బాధ్యత తీసుకున్నాడు. మన ఇళ్లలో పదహారేళ్ల పిల్లవాణ్ణి పాలప్యాకెట్ తెమ్మన్నా మూడుసార్లు ఫోన్ చేస్తాం కదా.

డ్రమ్ముల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీకు వినిపించేది అదే. డ్రమ్ము కొట్టే వాళ్లని స్లాగెర్ అంటారు. మా వాడు రెండో ఏడు అందులోకి వెళ్లాడు. నోట్లు చూసి నేర్చుకునేది కాదు, పెద్ద స్లాగెర్ ముందు నోటితో తాళం చెప్తాడు, తర్వాత తొడల మీద కొట్టి చూపిస్తాడు, అది వచ్చాకే చేతికి పుల్లలు ఇస్తాడు. మన వాళ్లు మృదంగం జతులు నోటితో నేర్పించినట్టే, నాకు అది చూసి ఎంత సంతోషం వేసిందో. ఇక ఇంట్లో డైనింగ్ టేబుల్ అంచు మొత్తం గాట్లు పడింది, చూపుడు వేలు మీద బొబ్బ లేచి పగిలి మళ్లీ లేచింది, వాడు ఒక్కసారి కూడా మానేస్తానని అనలేదు. చదువు దెబ్బతింటుందేమో అని టెన్షన్ పడ్డాను, మా విషయంలో అలా జరగలేదు, ప్రాక్టీసు ఉన్న రోజు హోంవర్కు ముందే ముగించేవాడు.

చప్పుడు మీద ఫిర్యాదులు చేసేవాళ్లు ఇక్కడా ఉన్నారు. ఒక పేట వాళ్లు ఇంకో పేట వీధిలోకి వచ్చి కావాలని గట్టిగా కొడతారు, ఎత్తైన చెక్క ఇళ్ల మధ్య సన్నటి సందుల్లో ఆ శబ్దం చెవులకి చిల్లులు పడేలా ఉంటుంది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే కష్టమే, కాదనను. కానీ ఈ ఊళ్లో పుట్టిన ముసలివాళ్లని అడిగి చూడండి, మొదటి డ్రమ్ము వినపడితేనే వసంతం వచ్చినట్టు లెక్క అంటారు. మా కింది ఇంట్లో ఎనభై దాటిన ఆయన ఉన్నారు, ఒకప్పుడు వేరే పేట దళంలో ఉండేవారట, ఇప్పటికీ మా వాణ్ణి మెట్ల మీద చూస్తే మీ పేట వాళ్లకి అడుగు కలవదు అని ఏడిపిస్తారు. అలాంటి పాతవాళ్లని గామ్లెకారెర్ అంటారు. దళం పుట్టినరోజు వచ్చిందంటే వాళ్లు కూడా వచ్చి పిల్లల వెనకాల నడుస్తారు, ముందు కాదు, ఆజ్ఞలు కూడా వాళ్లు ఇవ్వరు, పద్దెనిమిదేళ్ల షెఫ్ ఆగమంటే ఎనభై ఏళ్ల ఆయన ఆగుతారు.

జర్మన్లు ఈ ఊరిని ఆక్రమించుకున్న 1940–45 కాలంలో ఇవన్నీ నిలిపేశారు. యుద్ధం అయిపోగానే మళ్లీ మొదలయ్యాయి. ఈ సంగతి తెలిశాక నాకు ఆ డ్రమ్ముల చప్పుడు వేరేలా వినిపించడం మొదలైంది. ఇది జాతీయవాదమా అన్న మీ అనుమానానికి కూడా నా జవాబు ఇందులోనే ఉంది, పిల్లలు వీధిలో తమ ఇష్టం వచ్చినట్టు నడవడాన్ని ఆ పాలకులు సహించలేదు.

మే 17 దాకా ఆగండి, అసలు రోజు అది. 1814లో రాజ్యాంగం రాసుకున్న రోజు, ఇక్కడ పొద్దున ఏడింటికే స్కాన్సెన్ కొండ మీంచి ఫిరంగులు పేలతాయి, ఊరంతా వీధిలోనే ఉంటుంది. ఊరేగింపులో దళాలన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ఒక్కో దళానికి ఒక్కో రంగు యూనిఫాం, ఒక్కో జెండా. దూరం నుంచి డ్రమ్ములు కలగాపులగంగా వినిపిస్తాయి, దగ్గరికి వచ్చేకొద్దీ మీ పేట తాళం విడిగా తెలుస్తుంది. పోయిన ఏడాది మా వాడు నా ముందు నుంచి వెళ్లాడు, తల తిప్పలేదు, కానీ కనుబొమ్మ ఒక్కసారి ఎగరేశాడు. మా ఆవిడ అది ఫోన్‌లో తీసింది, విజయవాడలో మా అమ్మ ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు.

అమ్మాయిల సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరైనా అడుగుతారు. వందేళ్ల పైబడి ఇది మగపిల్లలదే. 1990లలో అమ్మాయిల దళాలు మొదలయ్యాయి, అప్పుడు ఊళ్లో పెద్ద గొడవే అయింది. నా అభిప్రాయం అడిగితే అది ఎప్పుడో జరగాల్సింది, మా అన్నయ్య కూతురు వేసవిలో వచ్చి రెండు వారాలు ఉన్నప్పుడు ఆ పుల్లలు వదల్లేదు.

మీరు ఇంకా తేల్చుకోలేకపోతే ఒకసారి మ్యూజియం చూసి రండి. స్ట్రాండ్‌గాటెన్ వీధిలో నడుస్తుంటే రోడ్డు ఒక పాత రాతి కట్టడం కిందుగా వెళ్తుంది, మూరెన్ అంటారు, 1561 నాటిది, దాని పైనే బూఎకోర్ప్స్ మ్యూజియం. పాత జెండాలు, విల్లులు, ఫోటోలు ఉంటాయి. తెరిచే రోజులు ముందే చూసుకుని వెళ్లండి. మీకు నడిచే దూరమే.

ఖర్చు ఎక్కువ కాదు. బూట్లు మాత్రం మంచివి కొనండి, వానకి తట్టుకునేవి, ఒక సైజు పెద్దవి, లోపల ఉన్ని సాక్సు పట్టేలా. డ్రమ్ములోకే వెళ్తానని మొదటి రోజే పట్టుబడితే వద్దనండి, అందరూ ముందు వరసలో నడిచినవాళ్లే. ఇక ప్రశ్నలు ఏవైనా ఉంటే మీరు అడగకండి. రేపు సాయంత్రం డ్రమ్ములు వినపడగానే బాబుని తీసుకుని కిందికి వెళ్లండి, వాళ్లు విశ్రాంతికి ఆగినప్పుడు నడుముకి కత్తి ఉన్న కుర్రాణ్ణి చూపించి, వెళ్లి నువ్వే అడుగు అనండి. వాడికి నార్వేజియన్ ఇంకా సరిగ్గా రాకపోయినా పర్లేదు. ఎడమ కాలు ఏదో మాత్రం ఇంట్లో నేర్పించి పంపండి.